కాన్సర్ట్‌లో నీళ్ల బాటిల్ వంద: ఒక ఫార్వర్డ్‌కి జవాబు

మా బావ మొన్న ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. మర్నాటికల్లా అదే మెసేజ్ అపార్ట్‌మెంట్ గ్రూపులోకీ, ఆఫీసు గ్రూపులోకీ వచ్చేసింది. అందులో ఉన్నది ఇదీ:

"ఇంగ్లండ్‌లో పెద్ద మ్యూజిక్ ఫెస్టివల్స్ జరిగేచోట సూపర్ మార్కెట్ వాళ్లే లోపల షాపు పెడతారు. బీరైనా నీళ్లైనా బయటి ధరకే ఇస్తారు. అందుకే అక్కడ దోపిడీ ఉండదు. మన హైదరాబాద్ కాన్సర్టుల్లో 20 రూపాయల నీళ్ల బాటిల్ 100కి అమ్ముతున్నారు. ఎమ్మార్పీ మీద రూపాయి ఎక్కువ తీసుకున్నా నేరమే, అయినా అడిగేవాడు లేడు. ఇక్కడ కూడా సూపర్ మార్కెట్లని లోపలికి రానిస్తే ధరలు వాటంతటవే దిగొస్తాయి. అందరికీ షేర్ చేయండి."

కోపంలో తప్పు లేదు. కిందటేడాది నగర శివార్లలో ఒక కాన్సర్ట్‌కి నలుగురం వెళ్లి, నాలుగు నీళ్ల బాటిళ్లకి నాలుగొందలు సమర్పించుకుని వచ్చాం. గేటు దగ్గర జనం బ్యాగుల్లోంచి లాగేసిన బాటిళ్లు గుట్టగా పడి ఉన్నాయి, చాలావాటికి మూత సీలు కూడా తీయలేదు. కాబట్టి నిర్వాహకుల తరఫున వకాల్తా పుచ్చుకునే సరదా నాకేమీ లేదు. కాకపోతే ఇంగ్లండ్‌లో చదువుకునే రోజుల్లో అలాంటి ఫెస్టివల్ ఒకదానికి వెళ్లి మూడు రాత్రులు టెంట్‌లో పడుకున్నాను. ఈ మెసేజ్‌లో నిజం ఎంతవరకు ఉందో, ఎక్కడ పట్టాలు తప్పిందో ఒక్కో ముక్కా తీసుకుని చెబుతాను.

"సూపర్ మార్కెట్ వాళ్లే లోపల షాపు పెడతారు"

ఇది నిజం. కో-ఆప్ అనే బ్రిటిష్ చెయిన్ 2018లో డౌన్‌లోడ్, లాటిట్యూడ్, రీడింగ్, లీడ్స్ ఫెస్టివల్స్‌లో తాత్కాలిక షాపులు తెరిచింది. 2019లో గ్లాస్టన్‌బరీకీ వెళ్లింది. (పేరుకు తగ్గట్టే అది సభ్యుల సహకార సంఘం. 1844లో రాచ్‌డేల్ అనే ఊళ్లో నేతపనివాళ్లూ ఇతర కార్మికులూ కలిసి పెట్టుకున్న కొట్టు నుంచి పుట్టిన ఉద్యమం అది. మన చేనేత సహకార సంఘాల వాళ్లకి ఈ కథ కొత్త కాదు.)

అయితే ఆ షాపు ఎందుకు వచ్చిందో మెసేజ్‌లో లేదు. గ్లాస్టన్‌బరీ అంటే ఒక సాయంత్రం కచేరీ కాదు. సోమర్సెట్‌లో పిల్టన్ ఊరి పక్కనున్న వర్తీ ఫామ్ అనే పాడి రైతు పొలంలో, బుధవారం నుంచి ఆదివారం దాకా, రెండు లక్షల మంది టెంట్లు వేసుకుని కాపురం ఉంటారు. మన మేడారం జాతరని ఊహించుకుంటే సరిపోతుంది. అక్కడ మూడో రోజు పొద్దున టూత్‌పేస్ట్ అయిపోతుంది, బ్రెడ్డు తడిసిపోతుంది, ఎండకి ముఖం కాలిపోతుంది. అందుకు కావాల్సిన పచారీ కొట్టు అది, బీరు దాంట్లో ఒక అరలో ఉంటుంది. సాయంత్రం ఐదింటికి మొదలై రాత్రి పదికల్లా పోలీసులు మైకు కట్టించేసే మన కాన్సర్ట్‌లో ఆ కొట్టు తెరిస్తే ఎవడు పేస్టు కొంటాడు?

"బయటి ధరకే ఇస్తారు"

ఏ బయటి ధర? కో-ఆప్ సందు చివరి చిన్న షాపుల చెయిన్. అక్కడ చదివిన మన పిల్లల్ని అడగండి, వారం సరుకులకి ఆల్డీ, లిడ్ల్ లాంటి చవక సూపర్ మార్కెట్లకి వెళ్తారు, అర్ధరాత్రి పాలు అయిపోతేనే కో-ఆప్‌కి. సందులో షాపు ధర వేరు, పెద్ద సూపర్ మార్కెట్ ధర వేరు. ఇది చిన్న విషయమే, వదిలేద్దాం.

వదిలేయలేనిది ఇంకొకటి ఉంది. రీడింగ్, లీడ్స్ లాంటి ఫెస్టివల్స్‌లో మైదానం రెండు ముక్కలు. టెంట్లు వేసుకునే వైపు ఒకటి, వేదికలుండే వైపు ఒకటి. రెండోదాన్ని ఎరీనా అంటారు. సూపర్ మార్కెట్ షాపు ఉండేది టెంట్ల వైపు. అక్కడ కొన్న బీరు డబ్బా పట్టుకుని ఎరీనాలోకి పోనివ్వరు, గేటు దగ్గర మళ్లీ తనిఖీ. నేను వెళ్లినచోట ఆ గేటుకి ఇరవై అడుగుల ఇవతల, రోజూ సాయంత్రం ఒక దృశ్యం కనబడేది. పాతిక ముప్ఫై మంది పిల్లలు వరసగా నిలబడి చేతిలో డబ్బాలు గటగటా ఖాళీ చేస్తుండేవారు. లోపలికి వెళ్తే బార్‌లో ఎంత అడుగుతారో వాళ్లకి తెలుసు. అంటే చవక షాపు, ఖరీదైన బార్ కొన్ని వందల గజాల దూరంలోనే ఉన్నాయి. ఒకదాని ధర రెండోదాన్ని తాకలేదు. మధ్యలో గేటు ఉంది మరి.

"అందుకే అక్కడ దోపిడీ ఉండదు"

ముందు "ఉండదు" సంగతి. ప్రతి వేసవిలో ఫలానా ఫెస్టివల్‌లో బీరు గ్లాసు ఎంతయిందో రాసి జనం చేత తిట్టించడం బ్రిటిష్ పత్రికలకి ఆనవాయితీ. దోపిడీ అనే మాట అక్కడా వినబడుతూనే ఉంటుంది.

ఇక "అందుకే". అసలు తప్పు ఇక్కడే జరిగింది. గ్లాస్టన్‌బరీలో బార్ వాళ్లు మరీ చెలరేగకపోవడానికి 2019లో వచ్చిన షాపు కారణమనడం, కోడి కూసింది కాబట్టే తెల్లారిందన్నట్టు ఉంది. అక్కడ ఎవరి మందు వాళ్లు తెచ్చుకోవచ్చు. గాజు సీసా కాకూడదు, సొంతానికి సరిపడా ఉండాలి, అంతే. టెంట్ల వైపు, వేదికల వైపు అని మధ్యలో గోడ కూడా లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా పట్టుకుని పిరమిడ్ స్టేజ్ అనే ప్రధాన వేదిక ముందుకి నడిచిపోవచ్చు. చేతిలో డబ్బా ఉన్నవాడికి బార్ వాడు ఎంతకని అమ్మగలడు? ఆ పద్ధతి సూపర్ మార్కెట్ రాకముందు నుంచీ ఉంది, అది రేపు వెళ్లిపోయినా ఉంటుంది. (అక్కడి బార్లలో చాలావాటిని వర్కర్స్ బీర్ కంపెనీ నడుపుతుంది. కార్మిక సంఘాల వాళ్లూ, సేవా సంస్థల వాళ్లూ వచ్చి బీరు పోస్తారు, వాళ్ల కూలి వాళ్ల సంస్థకి వెళ్తుంది. అది కూడా మెసేజ్‌లో పెట్టుంటే బాగుండేది.)

నీళ్ల విషయంలో మెసేజ్ పూర్తిగా బోల్తా పడింది. గ్లాస్టన్‌బరీలో 2017లో పది లక్షలకి పైగా ప్లాస్టిక్ బాటిళ్లు ఖర్చయ్యాయి. 2019 నుంచి వాడి పారేసే ప్లాస్టిక్ బాటిళ్ల అమ్మకమే ఆపేశారు. ఆ ఏడాది ప్రకృతి డాక్యుమెంటరీల పెద్దాయన డేవిడ్ అటెన్‌బరో స్టేజ్ ఎక్కి జనానికి థాంక్స్ చెప్పింది ఇందుకే. నీళ్లు కావాలంటే మైదానమంతా కుళాయిలున్నాయి, బాటిల్ మనదే, నింపుకోవడానికి పైసా ఇవ్వక్కర్లేదు. దీనికి తోడు చట్టం కూడా ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లో మందు పోసే లైసెన్సు ఉన్నవాడు, కుళాయి అందుబాటులో ఉన్నచోట, అడిగిన కస్టమర్‌కి తాగునీళ్లు ఉచితంగా ఇవ్వాలని 2010 నుంచి నిబంధన. "సూపర్ మార్కెట్ వాళ్లు నీళ్లు చవకగా అమ్ముతారు" అని మనం మురిసిపోతున్నచోట నీళ్లు అసలు కొనాల్సిన అవసరమే లేదు.

నీళ్లని అమ్మకపు సరుకు చేస్తే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 1999 జులైలో అమెరికాలో వుడ్‌స్టాక్ పేరుతో జరిగిన ఫెస్టివల్‌ని ఒక పాత వైమానిక స్థావరంలో పెట్టారు. కింద కాంక్రీటు, పైన మండే ఎండ, నీళ్ల బాటిల్ 4 డాలర్లు, కుళాయిల దగ్గర అంతులేని క్యూలు. ఆఖరి రాత్రి జనం మైదానానికి నిప్పు పెట్టారు. నిప్పుకి కారణాలు చాలా ఉన్నాయి, కానీ ఆ నాలుగు డాలర్ల మాట లేకుండా ఆ కథ ఎవరూ చెప్పరు. 2023 నవంబర్‌లో రియో డి జనీరోలో టేలర్ స్విఫ్ట్ షోలో ఎండవేడికి ఒక అమ్మాయి చనిపోయింది. మర్నాడే బ్రెజిల్ న్యాయశాఖ మంత్రి, జనం తమ నీళ్ల బాటిళ్లు లోపలికి తీసుకెళ్లనివ్వాలని, లోపల నీళ్లు ఉచితంగా ఇవ్వాలని ఆదేశించారు. ఆయన సూపర్ మార్కెట్‌ని పిలవలేదు, ముందు గేటు తెరవమన్నారు.

"ఎమ్మార్పీ మీద రూపాయి ఎక్కువ తీసుకున్నా నేరమే"

సగం నిజం. ప్యాకేజ్డ్ వస్తువుని దాని మీద ముద్రించిన ధర కంటే ఎక్కువకి అమ్మకూడదని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెబుతాయి. దీన్ని చూసేది తూనికలు కొలతల శాఖ. అయితే 2017 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు హోటళ్లు, రెస్టారెంట్లకి ఈ నిబంధన వర్తించదని తేల్చింది. అక్కడ కస్టమర్ నీళ్ల బాటిల్ ఒక్కటే కొనడం లేదు, కుర్చీ, ఏసీ, వడ్డన అన్నీ కలిపి సేవ పొందుతున్నాడు అనేది తర్కం. కాన్సర్ట్ మైదానంలో స్టాల్ వాడు ఆ సేవ చేస్తున్నాడా? మోచేతులతో తోసుకుంటూ అరగంట నిలబడితే బాటిల్ చేతిలో పెట్టడం వడ్డన కిందికి వస్తుందని నేననుకోను. కానీ వాళ్లు దాన్ని ఫుడ్ కోర్ట్ అంటారు. ఫిర్యాదు చేస్తే గెలవచ్చు. "నేరమే" అని కొట్టిపారేసినంత తేలిక మాత్రం కాదు.

అంతకంటే తెలివైన దారి ఇంకోటుంది, క్రికెట్ మ్యాచ్‌లకి వెళ్లేవాళ్లకి బాగా తెలుసు. బాటిల్ మీ చేతికివ్వరు. మీ ఎదుటే మూత తీసి పేపర్ గ్లాసులో పోసిస్తారు. సెక్యూరిటీ కోసం అంటారు, బాటిళ్లు విసురుతారని. అందులో నిజం ఉంది. కానీ గ్లాసులో పోశాక అది ప్యాకేజ్డ్ వస్తువు కాదు, దాని మీద ముద్రించిన ధరా లేదు. ఒకే బాటిల్ మీద మాల్‌కో ధర, కిరాణా కొట్టుకో ధర ముద్రించడాన్ని 2018 జనవరి 1 నుంచి కట్టడి చేశారు గానీ, బాటిల్ ఆకారం, పేరు మార్చి "ప్రీమియం" అంటే మళ్లీ కొత్త ధర. ఇక బయటి నీళ్లు ఎందుకు రానివ్వరని అడిగితే, సినిమా హాళ్ల మీద 2023 జనవరిలో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు చూపిస్తారు. హాలు యజమాని బయటి తినుబండారాలు వద్దనొచ్చు అన్నది నిజమే. లోపల తాగునీళ్లు ఉచితంగా అందించాలన్న మాట కూడా అదే కేసులో ఉంది. ఆ రెండో ముక్క ఎవరూ చూపించరు.

"సూపర్ మార్కెట్లని రానిస్తే ధరలు దిగొస్తాయి"

బీరు సంగతైతే మాట్లాడుకోనక్కర్లేదు. ఇక్కడ మామూలు సూపర్ మార్కెట్‌లో పాల ప్యాకెట్ పక్కన బీరు పెట్టరు, వైన్ షాపు లైసెన్సు వేరు. కాన్సర్ట్‌లో మందు పోయాలంటే ఎక్సైజ్ శాఖ దగ్గర విడిగా పర్మిట్ తీసుకోవాలి. పైగా ఇలాంటి వేడుకల్లో స్పాన్సర్ తరచూ మందు కంపెనీయే. మందు ప్రకటనలు వేయకూడదు కాబట్టి వాళ్లు సంగీతాన్ని పట్టుకున్నారు. పుణేలో 2010లో మొదలైన ఎన్‌హెచ్7 వీకెండర్ పేరు ముందు బకార్డీ ఉండేది. డబ్బు పెట్టిన కంపెనీ పక్కనే ఇంకొకడు చవక సరుకు అమ్ముకుంటానంటే ఊరుకుంటుందా?

నీళ్లకీ అదే లెక్క. లోపల పది స్టాళ్లున్నా స్థలం ఇచ్చేది ఒక్కరే, అద్దె నిర్ణయించేది ఒక్కరే, చాలాచోట్ల రేటు కూడా వాళ్లే చెబుతారు. పదకొండోవాడిగా సూపర్ మార్కెట్ వస్తే వాడూ ఆ అద్దె కట్టాల్సిందే. పల్లెల్లో బెల్టు షాపు వాడు క్వార్టర్ మీద ఎమ్మార్పీ దాటించి ఎందుకు తీసుకోగలుగుతున్నాడు? వైన్ షాపు మండల కేంద్రంలో ఉంది, రాత్రి తొమ్మిదైంది, వేరే దారి లేదు. దారి లేనిచోట బోర్డు మీద ఏ పేరున్నా ఒకటే.

రైల్వే ప్లాట్‌ఫామ్ చూడండి. రైలు కదలబోతోంది, గొంతు ఆరిపోతోంది, అంతకంటే ఇరుక్కుపోయిన కస్టమర్ ఉండడు. అయినా లీటరు రైల్ నీర్ 15 రూపాయలే ఉండేది, జీఎస్టీ తగ్గాక 2025 సెప్టెంబర్ 22 నుంచి 14 అయింది. అక్కడ పోటీ ఏమీ లేదు. ధర రైల్వే నిర్ణయించింది, పక్కనే కుళాయి కూడా ఉంది. మేడారంలోనూ అంతే. కొండెక్కే ధరలు అక్కడా ఉంటాయి, కోడి ధర అడిగితే కళ్లు తిరుగుతాయి. కానీ ట్రాక్టర్‌లో బియ్యం, గిన్నెలు, నీళ్ల క్యాన్లు వేసుకెళ్లే కుటుంబాన్ని ఆపి బాటిల్ పారేయమనే గేటు లేదు. ఎండాకాలం సెంటర్లలో చలివేంద్రం పెట్టి కుండలో నీళ్లు పోసే ఊళ్లు మనవి. వేలకి వేలు టికెట్ కొన్నవాడికి నాలుగు కుళాయిలు పెట్టించమని, ఖాళీ బాటిల్ లోపలికి రానివ్వమని అనుమతి కాగితంలోనే రాయించడం పోలీసులకీ కార్పొరేషన్‌కీ కష్టమేమీ కాదు. నేనైతే మెసేజ్‌లో ఆ ఒక్క లైను పెట్టి పంపుతాను.

ఈలోగా ఎవరైనా వందకి బాటిల్ అంటగడితే, దాని మీది ధరకి ఒక ఫొటో తీసుకుని, బిల్లు అడిగి తీసుకుని, 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇదంతా బావకి వాయిస్ మెసేజ్‌గా పెట్టాను, ఏడు నిమిషాలొచ్చింది. మొత్తం విన్నాడో లేదో తెలియదు. "ఇంతకీ ఆ నాలుగొందలకి నువ్వు బిల్లు తీసుకున్నావా బావా?" అని జవాబిచ్చాడు.

తీసుకోలేదు. ముందే డబ్బులు వేయించుకుని చేతికి కట్టిన బ్యాండ్‌లోంచి కోసేసుకున్నారు.