దున్‌హువాంగ్ గుహల్లోకి వెళ్ళాలా, తలుపు దగ్గరే ఆగాలా? బాబాయ్‌కీ అమ్మాయికీ వాదన

చైనాలో గాన్సు రాష్ట్రం చివర, గోబీ ఎడారి అంచున దున్‌హువాంగ్ అని ఒక ఊరుంది. ఆ ఊరికి 25 కిలోమీటర్ల దూరంలో ఒక కొండ చరియ నిండా గుహలే, మొగావ్ గుహలంటారు. 366లో ఒక భిక్షువు ఆ కొండ మీద వెయ్యిమంది బుద్ధులు వెలిగిపోతున్నట్టు చూసి మొదటి గుహ తొలిపించాడని చెప్తారు, ఆ తర్వాత వెయ్యేళ్ళ పాటు తొలుస్తూనే ఉన్నారు. ఇప్పుడు లెక్కకి 735 గుహలు, అందులో 492 గుహల్లో బొమ్మలున్నాయి, గోడల మీద చిత్రాలే 45,000 చదరపు మీటర్లు. వాటిని వెళ్ళి చూడాలా వద్దా అనేది నా బుర్రలో చాన్నాళ్ళుగా తిరుగుతున్న గొడవ, అందుకే ఇద్దరి నోట పెట్టి రాస్తున్నా. బాబాయ్ అమరావతి పక్క ఊళ్ళో రిటైరైన సోషల్ మాస్టారు. అమ్మాయి ఆయన అన్న కూతురు, షాంఘైలో రెండేళ్ళు ఉద్యోగం చేసి పోయినేడు ఆ గుహలు చూసొచ్చింది.

బాబాయ్: టికెట్లు ఎప్పుడు ఇస్తారో చూసిపెట్టమ్మా అంటే నెల నుంచి రేపు మాపు అంటున్నావు. సంగతేంటి?

అమ్మాయి: చెప్పడానికి నోరు రావట్లేదు బాబాయ్. నువ్వు వెళ్ళొద్దు. నువ్వనే కాదు, ఇంక ఎవ్వరూ వెళ్ళకూడదు, ఆ గుహలు మూసేయాలి అని నాకు అక్కడ నిలబడి ఉండగానే అనిపించింది.

బాబాయ్: బాగుందమ్మాయ్! నీ భోజనం అయింది కాబట్టి ఇంక విస్తళ్ళు ఎత్తేయమంటున్నావా?

అమ్మాయి: అను, పడతాను. కానీ లోపల ఎలా ఉంటుందో విను. ఇరవై ఐదుమంది దాకా ఒక గ్రూపు, గైడు తాళం తీస్తుంది, లోపల లైట్లుండవు, ఆమె చేతిలో టార్చి ఒక్కటే, ఫోటోలు తీయనివ్వరు. ఆ చీకట్లో మేమంతా ఒకళ్ళ భుజం మీంచి ఒకళ్ళం తొంగి చూస్తూ ఊపిరి పీల్చి వదుల్తున్నాం, ఆ తడంతా ఎక్కడికి పోతుంది బాబాయ్? ఆ కొండ గట్టి రాయి కాదు, గులకరాళ్ళూ ఇసకా కలిసిన కొండ, దాని మీద గడ్డి కలిపిన మట్టి మెత్తి, అది ఆరాక రంగులేశారు. మట్టిలోనూ కొండలోనూ ఉప్పుంది. తేమ తగిలితే ఉప్పు కరుగుతుంది, ఆరితే మళ్ళీ గడ్డకట్టి పొంగుతుంది. మన పాతింట్లో వెనక గదిలో గోడకి ఉప్పు పట్టి సున్నం పొరలు పొరలుగా ఊడిపడేది గుర్తుందా, అచ్చం అదే, కాకపోతే అక్కడ ఊడేది బోధిసత్వుడి మొహం.

బాబాయ్: ఉప్పు నేను మోసుకెళ్ళి పెట్టలేదు కదమ్మా. వాన పడ్డా తేమే, తలుపు తీసినా తేమే. ఆ గుహలు ఎంతెంత తట్టుకున్నాయో చూడు. 1921లో రష్యా అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన సైనికుల్ని ఆ గుహల్లోనే ఉంచితే వాళ్ళు పొయ్యిలు పెట్టుకుని గోడలకి మసి పట్టించారు. 1924లో అమెరికా నుంచి వార్నర్ అనే ఆయన వచ్చి జిగురు పూసిన గుడ్డలు గోడకి అంటించి బొమ్మలు పీక్కుపోయాడు, ఒక బోధిసత్వ విగ్రహాన్నీ ఎత్తుకెళ్ళాడు. అంత చేసినోళ్ళ పక్కన, దణ్ణం పెట్టుకుని బయటికొచ్చే నా ఊపిరి ఎంత?

అమ్మాయి: నీ ఒక్కడిదైతే ఏమీ లేదు. కానీ రోజుకి 6,000 మందికి ఎనిమిది గుహలు చూపించే మామూలు టికెట్లిస్తారు, అవి అయిపోతే నాలుగు గుహలు మాత్రం చూపించే ఇంకో రకం టికెట్ అమ్ముతారు, ప్రతివాడూ నాదేముందిలే అనే లోపలికెళ్తాడు. నీలాగే దణ్ణం పెట్టుకునేవాళ్ళే బాబాయ్, దొంగలు కారు. దొంగ ఒక్కసారి వస్తాడు, మనం రోజూ వస్తాం.

బాబాయ్: అయితే అక్కడున్నవాళ్ళకి తెలియదా? 1944 నుంచి అక్కడ ఒక పరిశోధన సంస్థ ఉంది, అమెరికాలోని గెట్టీ అనే కళా సంస్థ వాళ్ళు 1989 నుంచి వాళ్ళతో కలిసి పనిచేస్తున్నారు, ఉప్పు గురించి నీకన్నా నాకన్నా వాళ్ళకి ఎక్కువ తెలుసు, వాళ్ళే తలుపు తెరిచి రమ్మంటుంటే మధ్యలో నువ్వెవరివి ఆపడానికి?

అమ్మాయి: తెలుసు కాబట్టే అన్ని కట్టుబాట్లు పెట్టారు. 13 చదరపు మీటర్ల కన్నా చిన్న గుహ జనానికి తెరవరు. కార్బన్ డయాక్సైడ్, తేమ కొలిచే యంత్రాలు పెట్టారు, హద్దు దాటితే ఆ గుహ మూసి వేరే గుహకి తీసుకెళ్తారు, తేమ మరీ ఎక్కువైన రోజు మొత్తానికే మూసేస్తారు. మూయాల్సి వస్తోందంటే ఏంటి అర్థం? ఆ రోజు మూసింది రేపు ఎందుకు తెరవాలి? ఊరి వాళ్ళకి బతుకుతెరువు, టికెట్ డబ్బుతోనే కాపలా, మరమ్మతు, అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ నీకు ఫాన్ జిన్‌షీ గురించి చెప్పానా? 1963లో బీజింగ్ యూనివర్సిటీ నుంచి ఆ సంస్థలో పనికి వచ్చింది, నీళ్ళు ఉప్పగా, ఇల్లంటే మట్టి గది, భర్త వూహాన్‌లో, ఈమె ఇక్కడ, అలా 19 ఏళ్ళు విడిగా ఉన్నారు. 1908లో తీసిన ఫోటోల పక్కన ఇప్పటి గోడల్ని పెట్టి చూసుకుని, ఎంత కాపాడినా ఇవి తరిగిపోతూనే ఉంటాయని తెలుసుకున్నది ఆవిడే. అందుకే గోడ గోడా ఫోటో తీసి కంప్యూటర్లో దాచాలని పట్టుబట్టింది. 2016లో 30 గుహలు ఇంటర్నెట్‌లో పెట్టారు, ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు.

బాబాయ్: చూశాను. నువ్వు పంపిన లింకు నొక్కి టీవీకి పెట్టి మీ పిన్నిని కూడా కూర్చోబెట్టా. బాగుంది, కాదనను.

అమ్మాయి: బాగుండటం కాదు, అక్కడికన్నా ఎక్కువ కనపడుతుంది! మా గ్రూపుకి 257వ గుహ తగిలింది, నువ్వు మాకు చిన్నప్పుడు చెప్పిన జింక కథ, రురు జాతకం, గోడ మీద ఉన్న గుహ. మునిగిపోతున్నవాణ్ణి జింక కాపాడితే వాడే రాజుకి పట్టిచ్చాడే, అది. కథ రెండు కొసల నుంచీ మొదలై మధ్యకొస్తుంది, నడుమ రాజు ఎదుట ఆ జింక తలెత్తి నిలబడి మాట్లాడుతుంది. టార్చి దాని మీద పడి పక్కకి జరిగేలోపు నేను చూసింది ఎంత, నిమిషం కూడా ఉండదు. ఇంటికొచ్చి స్క్రీన్ మీద పెద్దది చేసుకుని గంటసేపు చూశా, ఒంటి మీద మచ్చలు లెక్కపెట్టుకున్నా. అసలు చూసింది ఇంట్లోనే అనిపించింది.

బాబాయ్: అవును మరి, ఇంట్లో గంటసేపు చూడాలని నీకు ఎందుకనిపించింది? అక్కడ నిమిషం చూశావు కాబట్టి.

అమ్మాయి: ...

బాబాయ్: ఆగావు కదా, ఇప్పుడు నేను చెప్తా. నేను పుట్టింది అమరావతి పక్కన. మా ఊళ్ళో పిల్లలకి మహాచైత్యం అంటే గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ. అంత గొప్ప స్తూపాన్ని మనోళ్ళే, వాసిరెడ్డి జమీందారు కాలంలో, ఊరు కట్టుకోడానికి రాళ్ళు తవ్వుకున్నారు, 1797లో మెకంజీ దొర వచ్చి చూసేసరికే సగం పాడైంది. మిగిలిన రాళ్ళు కొన్ని మద్రాసు, కొన్ని లండన్. నేను ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని ఆ దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళి, ఇక్కడ ఏనుగుండేదర్రా, ఇక్కడ పద్మం ఉండేదర్రా అని గాలిలో చేతులు తిప్పుతూ పాఠం చెప్పా. మద్రాసు వెళ్ళి ఆ రాళ్ళు చూశా, ఎంతో అందంగా ఉన్నాయి, కానీ గోడకి ఆనించిన రాయి చుట్టూ ప్రదక్షిణం ఎలా చేస్తామమ్మా? పెట్టిన చోట పెట్టినట్టే ఉన్నది ఒక్కటి చూసి పోవాలని నా కోరిక. దానికి ఆ ఎడారి దాకా పోవాలి, పోతా.

అమ్మాయి: అది విన్నాక నీకు వద్దని ఎలా చెప్పను బాబాయ్, కానీ చెప్పాలి. అమరావతి అలా ఎందుకైంది? మన చేతికి అందింది కాబట్టి. మొగావ్‌లో ఒక గుహ ఎందుకు మిగిలింది? 17వ గుహ సంగతి నువ్వే చెప్పావు, పదకొండో శతాబ్దం మొదట్లో ఎవరో మూసి పూత పూసేస్తే 1900 దాకా ఎవరికీ తెలియలేదు, లోపల దాదాపు 50,000 రాతప్రతులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. తలుపు తెరిచిన ఏడేళ్ళకి బ్రిటన్ తరఫున స్టైన్ వచ్చాడు, మరుసటేడు ఫ్రాన్స్ నుంచి పెలియో వచ్చాడు, ఇద్దరూ రాతప్రతులు పట్టుకుపోయారు. 868లో అచ్చు వేసిన వజ్రచ్ఛేదిక సూత్రం అనే బౌద్ధ గ్రంథం, తేదీ ఉన్న అచ్చు పుస్తకాల్లో అన్నిటికన్నా పాతది, ఇప్పుడు లండన్‌లో ఉంది, నీ అమరావతి రాళ్ళున్న ఊళ్ళోనే. మూసినన్నాళ్ళు నిలిచింది, తెరిచాక చెదిరింది. ఇంతకన్నా ఏం కావాలి?

బాబాయ్: ఆ కాగితాలు తొమ్మిది వందల ఏళ్ళు గోడ వెనకే ఉన్నాయి, ఒక్కరు కూడా చదవలేదు. నిలిచాయి సరే, ఎవరికోసం నిలిచాయి? గోడల అడుగున వరసగా మనుషుల బొమ్మలుంటాయని నువ్వే ఫోన్‌లో చెప్పావే, గుహ తొలిపించిన దాతలు, ఆడాళ్ళు, మగాళ్ళు, చేతిలో పువ్వులు, పక్కన పేర్లు. వాళ్ళు డబ్బు పెట్టింది తాళం వేసుకోడానికా? నడుమ స్తంభం వదిలి చుట్టూ దారి తొలిచిన గుహలున్నాయి, 254వ గుహ అలాంటిదేగా, అది నడవడానికే. గుంటుపల్లిలో కొండెక్కి ఆ గుండ్రటి చైత్యంలో స్తూపం చుట్టూ తిరిగినప్పుడు నీకు పదేళ్ళు, మెల్లిగా మాట్లాడటం మొదలెట్టావు, ఎవరూ చెప్పకుండానే. అది టీవీ ముందు రాదమ్మాయ్.

అమ్మాయి: వస్తుంది, రావచ్చు. అనుపు గుర్తు తెచ్చుకో. నాగార్జునసాగర్ నీళ్ళలో మునిగిపోతాయని తీసుకొచ్చి మళ్ళీ పేర్చిన కట్టడాలే కదా అక్కడున్నవి, అసలు చోటు నీళ్ళ అడుగున ఉంది. ఆ రంగస్థలం మెట్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టించి, చూశారా ఎలా మోగుతుందో అని మమ్మల్ని మురిపించావు, అప్పుడు నీకు చోటు మారిందన్న బాధ లేదు. మొగావ్ గుహల్ని కూడా అసలు సైజులో నకలు తీస్తున్నారు, 2016లో లాస్ ఏంజెలెస్‌లో మూడు గుహల నకళ్ళు పెడితే అందులో 285వ గుహ కూడా ఉంది. చేత్తో గీసిన నకలు, యంత్రంతో తీసింది కాదు, చిత్రకారులు ఏళ్ళ తరబడి కూర్చుని గీసినవి.

బాబాయ్: 285 అంటే వినాయకుడున్న గుహ కదూ?

అమ్మాయి: అదే. పడమటి గోడ మీద మహేశ్వరుడు, కుమారస్వామి, వినాయకుడు, అందరూ బుద్ధుడికి కాపలా. గోడ మీద 538, 539 సంవత్సరాల తేదీలున్నాయి. పైకప్పు నిండా అప్సరసలు, గాలి దేవుళ్ళు, చైనా వాళ్ళ పాత దేవుళ్ళు, ఎవరినీ వద్దనలేదు, అందరికీ చోటిచ్చారు. దానికి మామూలు టికెట్ చాలదు, వేరే డబ్బు కట్టాలి. నేను కట్టలేదు. అప్పటికే నా మనసు ఒప్పుకోలేదు.

(ఇక్కడ బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ అమ్మాయి మాట నచ్చింది, చూడగలిగి ఉండీ ఒకటి వదిలేసుకుని వచ్చింది.)

బాబాయ్: సరే, ఇంకొకటి అడుగుతా. చాంగ్ షూహోంగ్ అని ఉండేవాడు, ఆ సంస్థ మొదలెట్టినాయన. పారిస్‌లో తైలవర్ణ చిత్రాలేసుకునే మనిషి, నది ఒడ్డున పాత పుస్తకాల దుకాణంలో పెలియో వేసిన దున్‌హువాంగ్ ఫోటోల పుస్తకం కంటపడింది...

అమ్మాయి: అదీ! ఫోటోలే బాబాయ్, పుస్తకమే! నలుపు తెలుపు ఫోటోలు ఒక మనిషి బతుకు మార్చేశాయి, నా మాటకి ఇంతకన్నా సాక్ష్యం ఏముంది?

బాబాయ్: నన్ను పూర్తి చేయనీ. ఆ పుస్తకం కొనుక్కుని ఇంట్లో కూర్చున్నాడా? పారిస్ వదిలేసి దేశానికొచ్చి, చివరికి యుద్ధం నడుస్తుండగానే ఆ ఎడారికి చేరాడు. ఇసక గుహల గుమ్మాల దాకా మేట వేసి ఉంటే తోడించాడు, గోడ కట్టించాడు. ఫోటో చూసినవాడు బయల్దేరాడు, కళ్ళారా చూసినవాడు అక్కడే ఉండిపోయాడు. ఫాన్ జిన్‌షీ కూడా అంతే. నువ్వు గుహలు మూసేస్తే రేపు ఇంకో చాంగ్ షూహోంగ్ ఎక్కణ్ణుంచి వస్తాడు? ఎవరికీ కనపడని దాని కోసం 19 ఏళ్ళు భర్తకి దూరంగా ఎవరుంటారు?

అమ్మాయి: దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ అలాంటి వాళ్ళు తరానికి పదిమంది, మనం లక్షల్లో ఉన్నాం. ఆ పదిమంది కోసం తెరవండి, నేను ఒప్పుకుంటా.

బాబాయ్: ఆ పదిమంది ఎవరో ముందే నీకెలా తెలుస్తుంది?

అమ్మాయి: పోనీ లోంగ్‌మెన్ వెళ్ళు బాబాయ్, లువోయాంగ్ దగ్గర. గట్టి రాయి, నది గట్టున, బయలే, నీ ఊపిరికి ఏమీ కాదు. 675లో పూర్తయిన వైరోచన బుద్ధుడు 17 మీటర్ల ఎత్తున ఎండలో కూర్చుని ఉంటాడు, వూ రాణి తన సింగారం ఖర్చుల డబ్బు ఇచ్చి చేయించిందని అక్కడి శాసనం.

బాబాయ్: అక్కడ చిన్న విగ్రహాలకి తలలు లేవమ్మా. కొట్టుకెళ్ళి అమ్ముకున్నారు. రాజు ఊరేగింపు శిల్పం న్యూయార్క్‌లో, రాణి ఊరేగింపు కాన్సస్ సిటీలో. నాకు మళ్ళీ అమరావతే చూపిస్తానంటావా? చూస్తాలే, దారిలో ఉంటే. షువాన్‌జాంగ్, అదే మన పుస్తకాల్లో హ్యూయాన్‌త్సాంగ్ అనే చైనా యాత్రికుడు, ధాన్యకటకం, అంటే మన అమరావతి, చూసి, ఇక్కడ కొన్ని నెలలుండి చదువుకుని, తిరిగి వెళ్తూ దున్‌హువాంగ్ మీదుగానే దేశంలోకి అడుగుపెట్టాడు. మా ఊరి నుంచి అక్కడికి దారి అప్పటిదే.

అమ్మాయి: అయితే వెళ్తావన్నమాట.

బాబాయ్: వెళ్తా. ఒక్కసారి. ఎండాకాలం సెలవుల్లో కాదు, చలికాలంలో, జనం తక్కువుంటారు. వాళ్ళు చూపించినవి చూస్తా, చూపించనిది అడగను. 158వ గుహలో పడుకున్న బుద్ధుడు ఉన్నాడు, పదిహేను మీటర్లు దాటిన పొడవు, తల దగ్గర నిలబడి చూస్తే ఒక మొహం, కాళ్ళ దగ్గర నుంచి చూస్తే ఇంకో మొహం అంటారు. ఆ గుహ తెరిచి ఉంటే నా అదృష్టం. నువ్వు తోడు రా, నాకు భాష రాదు.

అమ్మాయి: వస్తా. రైలు, హోటల్, పాస్‌పోర్ట్‌తో టికెట్, అన్నీ నేను చూసుకుంటా. ఆ తొమ్మిది అంతస్తుల చెక్క మండపం ముందు దాకా నీతో ఉంటా. లోపలికి రాను. ఒకళ్ళు తగ్గుతారు.

బాబాయ్: చలిలో బయట కూర్చుంటావా? గైడు చెప్పేది నాకెవరు తెలుగులో చెప్తారు?

అమ్మాయి: ఎనిమిది గుహల గురించీ ముందే రాత్రి కూర్చుని చెప్తా, స్క్రీన్ మీద చూపిస్తూ. నువ్వు బయటికొచ్చాక నాకు చెప్పు, దిబ్బ దగ్గర పిల్లలకి చెప్పినట్టు.

బాబాయ్: ఈ మాట నేను ఒప్పుకోలేదు. అక్కడికెళ్ళాక మళ్ళీ మాట్లాడదాం. ముందు ఆ టికెట్లు ఎప్పుడిస్తారో చూడు.