ఇరుకు ఓడది, నింద దేశానిది

వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌ల నుంచి క్రూయిజ్ ఓడ ఎక్కేవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలను మయామి నుంచో, పోర్ట్ కెనవెరాల్ నుంచో నాలుగు రోజులు బహామాస్ తిప్పి తీసుకురావడం ఎన్నారై ఇళ్లలో మామూలైపోయింది. నాలుగైదు కుటుంబాలు కూడి ప్యాకేజీ మాట్లాడుకుని సింగపూర్‌లో ఎక్కేవాళ్లున్నారు. 2021 సెప్టెంబర్‌లో ముంబై నుంచి కార్డీలియా కంపెనీ 'ఎంప్రెస్' ఓడ మొదలైంది. మరుసటి ఏడాది జూన్‌లో అది విశాఖ రేవుకూ వచ్చింది. అప్పటినుంచి పాస్‌పోర్టు లేనివాళ్లకు కూడా ఈ ముచ్చట తీరుతోంది.

వెళ్లొచ్చినవాళ్లు ఫొటోలతో పాటు కొన్ని తీర్పులు కూడా మోసుకొస్తున్నారు. చైనావాళ్లు బఫే మీద పడిపోతారట. తెల్లవాళ్లకు మనమంటే చులకనట. గుజరాతీలు పక్కనుంటే నిద్ర ఉండదట. ఫిలిప్పీన్స్ పిల్లలు మాత్రం బంగారమట, ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటారట. అదే ఓడలో తిరిగిన మిగతా దేశాలవాళ్లు మన గురించి మోసుకెళ్లిన తీర్పులూ ఉన్నాయి. ఇండియన్లు లైన్‌లో నిలబడరు, గుంపుగా తిరుగుతారు, గట్టిగా మాట్లాడతారు, టిప్పు ఎగ్గొడతారు అని. నాలుగు రోజుల పరిచయంతో ఒక దేశం గుణం ఎట్లా తెలిసిపోతుంది? నా ఉద్దేశంలో ఈ తీర్పుల్లో ఎక్కువ భాగం మనుషుల స్వభావం నుంచి పుట్టినవి కావు, ఇరుకులోంచి పుట్టినవి. ఆ ఇరుకు కంపెనీ తెచ్చిపెట్టింది. నింద మాత్రం దేశాల మీద పడుతోంది.

2024 జనవరిలో మొదలైన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' ఓడ నిండితే 7,600 మంది ప్రయాణికులు పడతారు. పనిచేసేవాళ్లు మరో 2,350 మంది. దాదాపు పదివేల మంది ఒకే కప్పు కింద ఉంటారు. ఉదయం ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య అందరికీ ఒకేసారి ఆకలేస్తుంది. రాత్రి షో అయిపోగానే అందరూ ఒకేసారి లిఫ్టుల దగ్గరికి వస్తారు. రేవులో ఆగని రోజు అందరికీ ఈతకొలను పక్కన పడక కుర్చీ కావాలి. కుర్చీలేమో అందరికీ సరిపడా ఉండవు. తెల్లవారకముందే వచ్చి టవల్ పరిచి కుర్చీ పట్టుకుపోయేది జర్మన్లే అని బ్రిటిష్‌వాళ్లు దశాబ్దాలుగా ఎద్దేవా చేస్తుంటారు. టవల్ పరిచేవాళ్లలో బ్రిటిష్‌వాళ్లూ ఉన్నారు, అమెరికన్లూ ఉన్నారు, మనమూ ఉన్నాం. కొన్ని కంపెనీలు ఒక నిబంధన పెట్టాయి. ముప్పై నలభై నిమిషాలు మనిషి లేకుండా కుర్చీ ఖాళీగా కనిపిస్తే సిబ్బంది సామాను తీసి పక్కన పెట్టేస్తారు. దాన్ని గట్టిగా అమలు చేసిన చోట కుర్చీ ఎవరికో ఒకరికి దొరుకుతుంది, జర్మనీ ఊసే రాదు.

మేడారం జాతరలో మనం చూడని తోపులాటా? ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర నుంచి, ఒడిశా నుంచి జనం వస్తారు. జంపన్న వాగు దగ్గర కాలు పెట్టే సందుండదు. గద్దెల దగ్గర బెల్లం ముద్ద పట్టుకున్న చేయి మన భుజం మీదుగానే పోతుంది. ఎవరైనా తోస్తే 'రద్దీ అట్లుంది' అంటాం, క్యూలైన్లు సరిగా కట్టలేదని అధికారులను తిడతాం. అదే తోపులాట ఓడలో జరిగితే మాత్రం పక్కవాడి పాస్‌పోర్టు గుర్తొస్తుంది. జాతరకు వచ్చినవాళ్లు మనలాంటి భక్తులే అనుకుంటాం కాబట్టి రద్దీ రద్దీగానే కనిపిస్తుంది. ఓడలో డబ్బు కట్టి వచ్చామన్న పట్టింపు ఒకటుంటుంది. పైగా పక్కవాడు కొత్తవాడు, భాష తెలియదు.

హనుమకొండలో ఉండే ఒక రిటైర్డ్ ఇంగ్లీషు సారు తన బహామాస్ ప్రయాణంలో లిఫ్టు దగ్గర జరిగింది చెప్తుంటే విన్నాను. మేడంకు మోకాళ్ల నొప్పులు. షో అయ్యాక లిఫ్టులు నిండుగా వస్తున్నాయి, పోతున్నాయి. మూడు వదిలేశారు. నాలుగోది తెరుచుకోగానే సారు ఒక చేయి తలుపుకు అడ్డంపెట్టి, రెండో చేత్తో మేడంను పట్టుకుని లోపలికి నడిపించారు. వెనక నిలబడ్డ ఒకాయన తన భార్యతో, "ఈ ఇండియన్లు ఎప్పుడూ ఇంతే" అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు, వీళ్లకు అర్థం కాదనుకుని ఉంటాడు. జీవితమంతా ఇంగ్లీషు చెప్పిన మనిషికి అది అర్థం కాకుండా పోతుందా? ఆ తర్వాత మేడం డిన్నర్‌కు రానన్నారు. గదికే తెప్పించుకున్నారు. సారు బఫేకు వెళ్లినా, ముందు నిలబడే అవకాశం ఉన్నా, లైన్ చివరికి పోయి నిలబడేవారట. "మన దేశం పరువు మన చేతుల ఉంటదని అదే టెన్షన్‌తోని తిరిగినం సారూ, ఏం జూసినమో ఏం తిన్నమో సుత యాదికి లేదు" అన్నారు.

ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. విదేశం వెళ్తే ప్రతి ఒక్కరూ దేశానికి రాయబారులే అని స్కూల్లో చెప్తారు, వాట్సాప్‌లో చెప్తారు. మంచి ఉద్దేశంతోనే చెప్తారు. కానీ 140 కోట్ల మంది పరువు మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ మీద పెట్టడం ఏం న్యాయం? లిఫ్టులోకి ముందు దూరితే తప్పు అవునో కాదో చూడాలి, తప్పైతే 'సారీ' చెప్పాలి. అంతటితో అయిపోవాలి. లైన్‌లో నిలబడేది వెనకున్న మనిషి కూడా నిలబడ్డాడు కాబట్టి, దేశం కోసం కాదు.

మాటల్లో అదే సారు బఫేలో ఒక చైనా కుటుంబం రొయ్యలు ప్లేటు నిండా పెట్టుకున్న సంగతి చెప్పి, "వాళ్లు అంతే, వాళ్ల తీరే అంత" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. గాయం తగిలినవాడు కూడా అదే మాట ఇంకొకరి మీద ఎంత తేలిగ్గా వాడతాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇక్కడ ఇంకో సంగతి దాటేసి పోకూడదు. 2018 సెప్టెంబర్‌లో సిడ్నీ నుంచి మూడు రాత్రుల ప్రయాణానికి బయల్దేరిన 'వాయేజర్ ఆఫ్ ది సీస్' ఓడలో ఒక భారతీయ పాన్ మసాలా కంపెనీ తాలూకు మగవాళ్లు దాదాపు 1,300 మంది ఎక్కారు. ఈతకొలను డెక్కంతా ఆక్రమించారని, ఆడవాళ్లను, అమ్మాయిలను ఫోన్లలో వీడియో తీశారని తోటి ప్రయాణికులు ఫిర్యాదు చేశారు. ఓడ కంపెనీ మిగతావాళ్లకు డబ్బు వాపస్ ఇచ్చింది. దీన్ని 'మనవాళ్ల మీద అపోహ' అని కొట్టిపారేయడానికి వీల్లేదు. అడగకుండా ఆడపిల్లను వీడియో తీయడం తప్పు, ఏ దేశంవాడు తీసినా తప్పే. సంస్కృతి వేరు, అర్థం చేసుకోవాలి అనే మాట అక్కడ పనికిరాదు. అట్లాగని ఆ 1,300 మంది చేసింది తర్వాతి వారం అదే ఓడ ఎక్కే ఒక తెలుగు కుటుంబం ఖాతాలో వేయడమూ కుదరదు. అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న, ఒకే కంపెనీ నుంచి వచ్చిన అంత పెద్ద మగవాళ్ల గుంపుకు టికెట్లు అమ్మి, అదే ఓడలో పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలకూ అమ్మిందెవరు అన్నది.

2022 జూన్‌లో 'కార్నివాల్ మ్యాజిక్' ఓడ న్యూయార్క్‌కు తిరిగివస్తుంటే నైట్‌క్లబ్‌లో పెద్ద కొట్లాట జరిగింది. అరవై మంది దాకా కలబడ్డారని వార్తలొచ్చాయి. కోస్ట్‌గార్డ్ పడవ వెంట ఉండి ఓడను రేవుకు చేర్చింది. మనలో ఎవరైనా ఆ వార్త చదివి అమెరికన్లంతా తాగి కొట్టుకుంటారు, పిల్లల్ని అక్కడికి పంపొద్దు అనుకున్నామా? లేదు కదా. మంచిచెడులు మనిషికి మనిషికి వేరుగా లెక్కగట్టే మర్యాద కొన్ని దేశాలవాళ్లకు అడగకుండానే దొరుకుతుంది. మిగతావాళ్లు అడిగి తీసుకోవాల్సి వస్తోంది.

ఆ తేడా ఎట్లా ఉంటుందో ఉత్తర తెలంగాణవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన యాసను దశాబ్దాలపాటు సినిమాల్లో రౌడీకో, పనిమనిషికో, నవ్వించే పాత్రకో కట్టబెట్టారు. వరంగల్ పిల్లవాడు హైదరాబాద్ కాలేజీలో నోరు తెరవడానికి జంకిన రోజులు ఎంతో వెనకటివి కావు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం అంటే ఆ అవమానం ఎంత లోతుకు పోయిందో తెలుస్తుంది. అది పడ్డవాళ్లం, ఇంకొకరి మాట తీరు చూసి, తినే తీరు చూసి ముద్ర వేసే ముందు ఒక్క క్షణం ఆగగలగాలి. ఈ విషయంలో మన దగ్గర నేను ఎక్కువే ఆశిస్తాను.

తిండి దగ్గర అపార్థాలు ఇంకా ఎక్కువ. చేత్తో తినాలంటే మనవాళ్లు మూల టేబుల్ వెతుక్కుంటారు. ఏం అక్కరలేదు. ఓడల్లో నోరోవైరస్ వాంతులు, విరేచనాలు వ్యాపించేది శుభ్రంగా కడుక్కున్న చేత్తో అన్నం కలుపుకుని తిన్నందుకు కాదు. వందల మంది పట్టుకున్న గరిటెలు, రెయిలింగులు ముట్టుకుని చేతులు కడగకుండా తిన్నందుకు. బఫే గుమ్మం దగ్గర చేతులు కడుక్కోమని సిబ్బంది వెంటబడేది అందుకే. ఫోర్కుతో తినేవాడికీ అదే నియమం.

ఇంకోవైపు, పెట్టెలో పెట్టుకెళ్లిన ఎలక్ట్రిక్ కెటిల్, చిన్న రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె ఓడవాళ్లు తీసుకుని దిగేటప్పుడు ఇస్తామంటే మనవాళ్లకు కోపమొస్తుంది. మన వంటంటే వాళ్లకు చిన్నచూపు అనుకుంటారు. అది మంటల భయం. నడిసముద్రంలో నిప్పంటుకుంటే ఫైరింజన్ రాదు కదా. ఆ వస్తువులు ఎవరు తెచ్చినా తీసుకుంటారు. ఆ సంగతి టికెట్ అమ్మినవాళ్లు ముందే ఒక్క మాట చెప్తే అక్కడ అవమానమన్న ఊసే రాదు.

మర్యాద గురించి మాట్లాడేటప్పుడు ప్రయాణికులు ఒకరినొకరు ఎట్లా చూసుకుంటున్నారన్న దగ్గరే ఆగిపోతాం. నాకు ఎక్కువ పట్టింపు సిబ్బంది గురించి. చాలా ఓడల్లో వాళ్ల ఛాతీ మీద పేరున్న బిళ్ల ఉంటుంది, పేరు కింద దేశం పేరు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, ఇండియా. మాట కలపడానికి అది బాగానే ఉంటుంది. కానీ రెండు రోజుల్లో పేరు మర్చిపోయి దేశమే మిగులుతుంది. 'ఆ ఫిలిప్పీన్ పిల్లాడిని పిలువు' అంటాం. నవ్వు వాళ్ల జాతి లక్షణమని మెచ్చుకుంటాం. నవ్వడం వాళ్ల డ్యూటీలో భాగం. 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. అంటే ఒక్కో రోజు పధ్నాలుగు గంటల దాకా, వారం మొత్తంలో 91 గంటల దాకా పని చేయించుకోవచ్చు. కాంట్రాక్టు నడిచిన ఆరేడు నెలలూ ఆదివారమన్నది ఉండదు.

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో 'డైమండ్ ప్రిన్సెస్' ఓడను కరోనా వల్ల ఆపేసినప్పుడు అందులో 3,711 మంది ఉన్నారు. వాళ్లలో 138 మంది భారతీయులు. ప్రయాణికులు ఆరుగురే, మిగతా 132 మంది సిబ్బంది. ప్రయాణికులు గదుల్లో తలుపులు వేసుకుని ఉంటే, ఆ తలుపుల దగ్గరికి భోజనం తీసుకెళ్లింది సిబ్బందే. ఇటలీ తీరంలో 2012 జనవరి 13న 'కోస్టా కాంకార్డియా' ఒరిగిపోయి 32 మంది చనిపోతే, అందరికన్నా చివరగా, 2014 నవంబర్‌లో దొరికిన అవశేషాలు ముంబైకి చెందిన ఒక వెయిటర్‌వి.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు ఒక్కరైనా పోని వాడకట్టు ఉండదు. దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో మన అన్నను, బావను పేరు పెట్టి పిలవకుండా 'ఇండియా' అనో 'రఫీక్' అనో పిలిస్తే ఎట్లా ఉంటుందో ఆ ఇళ్లల్లో తెలుసు. అదే ఇంటి నుంచి క్రూయిజ్‌కు వెళ్లినవాళ్లు గది శుభ్రం చేసే అబ్బాయిని చిటికె వేసి పిలవడం నాకు మింగుడుపడదు. ఓడ మీద పనిచేసే కరీంనగర్ కుర్రాడొకతను సెలవులకు వచ్చినప్పుడు చెప్పాడు, "మనోళ్లు ఎక్కిన్రంటే సంబురమైతది అన్నా, గని టెన్షన్ సుత అయితది. తెలుగోడినని తెలిస్తె పేరు అడుగరు, ఇంగో ప్లేటు తేపో అంటరు."

ఇక టిప్పు. ఇండియన్లు టిప్పు ఎగ్గొడతారన్న మాటలో ఎంతో కొంత నిజం లేకపోలేదు. చాలా అమెరికన్ కంపెనీలు మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా బిల్లులో వాటంతట అవే కలుపుతాయి. అడిగితే తీసేస్తాయి. చివరి రోజు రాత్రి రిసెప్షన్ దగ్గర అది తీసేయించుకోవడానికి మనవాళ్లూ నిలబడతారు, వేరేవాళ్లూ నిలబడతారు. నలుగురున్న కుటుంబానికి నాలుగు రాత్రులకు రోజుకు 18 డాలర్ల చొప్పున 288 డాలర్లు, అంటే పాతిక వేల రూపాయల దాకా అవుతుంది. చివరి రోజు ఆ అంకె హఠాత్తుగా కనిపిస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అది బక్షీస్ అనుకుంటున్నాం కాబట్టి బేరమాడుతున్నాం. సిబ్బంది జీతంలో పెద్ద భాగం అదే. జీతం మొత్తం టికెట్‌లోనే కలిపి ఇవ్వాల్సిన కంపెనీ ఆ పని చేయకుండా ప్రయాణికుడి దయకు వదిలేయడం అన్యాయం, దాని మీద కంపెనీలను నిలదీయాలి. అంతవరకు హనుమకొండలో ప్యాకేజీ అమ్మే ఏజెంటు వీసా ఫీజు, విమానం ఛార్జీలతో పాటు ఈ 288 డాలర్లు కూడా అడ్వాన్స్ కట్టించుకునే రోజే కాగితం మీద రాసి చూపించాలి. ఎంత అవుతుందో అప్పుడే తెలిస్తే, కట్టగలిగినవాళ్లే ఆ ప్యాకేజీ తీసుకుంటారు.