చంటాడి కాపలా

మా పెద్దత్త వైద్యం చదవలేదు. చదివినవాళ్లెవరూ ఆవిడ ముందు నోరు తెరవలేదు. పోయిన మాఘంలో ఒక బారసాలకు వెళ్తే, ఉయ్యాల తాళ్లకు పూలు చుడుతూ, బాలింత చెవిలో చెబుతున్నాననుకుని పందిరంతా వినబడేలా సెలవిచ్చింది: "నీకేం భయం లేదే పిల్లా. చంటాడు పాలు తాగుతున్నంత కాలం కడుపు రాదు. నాకొచ్చిందా ఏం?"

ఆవిడకు ఏడుగురు పిల్లలు. ఒకరికీ ఇంకొకరికీ ఏడాదిన్నర తేడా. పందిట్లో ఎవరూ లెక్క కట్టలేదు.

అందులో నిజం బొత్తిగా లేదని నేననను. బిడ్డ పాలు చీకుతున్న కొద్దీ తల్లి ఒంట్లో అండం విడుదలకు అడ్డు పడుతుంది. 1988లో ఇటలీలోని బెలాజియోలో నిపుణులు కూర్చుని దీనికి మూడు షరతులు తేల్చారు. బిడ్డకు ఆరు నెలలు నిండి ఉండకూడదు, తల్లికి మళ్లీ ముట్టు వచ్చి ఉండకూడదు, రాత్రనకా పగలనకా దాదాపు తల్లిపాలే పట్టాలి. మూడూ కుదిరితే 98 శాతం రక్షణ. ఒక్కటి తప్పినా ఆ భరోసా లేదు.

పాపం, ఆ నిపుణులు మావాళ్ల ఇల్లు చూడలేదు.

ఆ ఇంట్లో పచ్చగా ఉన్నాయని ముర్రుపాలు పిండి పారబోశారు. బిడ్డకు తేనె నాకించారు. బాలింతకు పథ్యం పేరుతో మంచినీళ్లు కొలిచి ఇచ్చి, తర్వాత "పాలు చాలట్లేదు" అని నిట్టూర్చారు. చాలట్లేదని తేల్చింది పిల్లాడి మేనమామ, గుమ్మంలో నిలబడి ఏడుపు విని. ఆయన కరెంటాఫీసులో చేస్తాడు. సాయంత్రానికి పాలడబ్బా దిగింది. తల్లిపాలే బిడ్డకు మేలని ఆ డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది, 1992 చట్టం అలా వేయమంది. ఎవరు చదివారు? పొద్దున గ్రైప్ వాటరు, మధ్యాహ్నం వాము నీళ్లు, రాత్రికి అమ్మమ్మ పక్కలో పాలసీసా. శనివారం సాయంత్రం బస్సుకి అల్లుడుగారు. పైగా అందరికీ ధీమా, పిల్లాడు పాలు తాగుతున్నాడుగా! ఆ లెక్కన ఆ ఇంట్లో కడుపు రాకుండా ఉండాల్సింది డబ్బాకి.

అల్లుడుగారు ఊరికే ఉన్నాడని మీరనుకుంటే పొరపాటు. ఒకసారి మెడికల్ షాపు దాకా వెళ్లాడు. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. దగ్గు బిళ్లలు కొనుక్కుని వచ్చేశాడు. పై శనివారం కూడా దగ్గు బిళ్లలే. ఆ కుటుంబంలో ఎవరికీ దగ్గు లేదు.

"ముట్టు రాలేదు కదా" అన్నది రెండో ధీమా. అండం ముందు విడుదలవుతుంది, ముట్టు ఆ తర్వాత రెండు వారాలకు గానీ రాదు. ముట్టు చూసి జాగ్రత్త పడదామనుకోవడం దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే.

కాన్పయిన ఐదో నెల్లో బాలింతకు వాంతులు. అజీర్తి అన్నారు. అజీర్తి కాదని తేలాక ఇంటిల్లిపాదీ ఆ పిల్లనే అడిగారు, "చూసుకోవద్దూ?" అని.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఏం చూసుకోవాలి? ఎవరు చూపించారు? ఒక కాన్పు తర్వాత మళ్లీ కడుపు రావడానికి కనీసం రెండేళ్లు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సర్కారు ఆసుపత్రిలో కాన్పయిన వెంటనే లూప్ వేస్తారు. పాలిచ్చే తల్లులకు కడుపు రాకుండా ఛాయ అనే మాత్రలున్నాయి, ఆరు వారాలు దాటితే అంతర ఇంజక్షనుంది, అన్నీ ఉచితం. ఇన్ని సలహాలిచ్చిన నోళ్లలో ఒక్కటీ ఆ మాట అనలేదు. కుట్లు ఇంకా సలుపుతున్న మనిషిని పట్టుకుని ఇప్పుడు "ఈసారి కాన్పుతోపాటే ఆపరేషన్ చేయించేద్దాం" అంటున్నారు. ఎవరికి? అడగక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో 37.9 శాతం మంది తామే ఆపరేషన్ చేయించుకున్నారు. భర్త చేయించుకున్నది 0.3 శాతం మందికి. మిగతావాళ్లు బహుశా దగ్గు బిళ్లల దగ్గరే ఆగిపోయారు.

కబురు తెలిసి పెద్దత్త పరుగున వచ్చింది. ఈసారి ఇంకో సూత్రం: "కడుపుతో ఉండి పాలిస్తే ఆ పాలు విషం. రేపే మాన్పించు." ఆరోగ్యంగా ఉన్న గర్భిణి పాలు మాన్పించక్కర్లేదని డాక్టరమ్మ చెప్పి చూసింది. డాక్టరమ్మకు పిల్లలు ఇద్దరే. పెద్దత్త ముందు ఆ మాట నిలుస్తుందా?

తల్లి రొమ్ముకు రాయడానికి ఆ ఇంటి పెరట్లో ఇప్పుడు వేపాకు నూరుతున్నారు.