ఉంగరానికి వేళ నేర్పిన శాస్త్రవేత్త

2020లో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, కిరాణా షాపు ముందు, బ్యాంకు మెట్ల మీద నుదుటికి గురిపెట్టిన థర్మామీటర్ గన్ మనందరికీ గుర్తే. అంకె గీత దాటకపోతే లోపలికి పంపేవాళ్లు. ఈ క్షణంలో వేడి ఎంత అన్నది తప్ప ఆ గన్‌కు ఇంకేమీ అక్కర్లేదు. కానీ మన ఒంటి వేడి రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున బాగా తగ్గి, సాయంత్రానికి పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనే ఈ తేడా అర డిగ్రీ సెల్సియస్ పైనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి మామూలు అనిపించే వేడి తెల్లవారుజామున నాలుగింటికి కనిపిస్తే అది జ్వరానికి మొదలు కావచ్చు. వేళ తెలియనిదే ఆ అంకెకు అర్థం లేదు.

సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో బెంజమిన్ స్మార్ అనే శాస్త్రవేత్త ఇదే సంగతిని సెన్సర్లున్న వేలి ఉంగరంతో పట్టుకునే పనిలో ఉన్నాడు. ఆయన గ్యాడ్జెట్ల మనిషి కాదు, మెదడులోని గడియారాన్ని చదువుకున్నవాడు. ఇప్పుడు కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో క్యాంపస్‌లో బయో ఇంజినీరింగ్, డేటా సైన్స్ రెండింటిలోనూ పనిచేస్తున్నాడు. ఆయన ప్రయాణాన్ని చూస్తే, మన చేతికున్న వాచీలు ఎందుకు ఇన్ని అంకెలు చూపించి ఇంత తక్కువ చెబుతున్నాయో నాకు అర్థమైంది.

కంటి నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే చోటుకు కాస్త పైన సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ ఉంటుంది. సుమారు 20 వేల నాడీకణాల చిన్న ముద్ద అది. శరీరానికి పెద్ద గడియారం అదేనని 1972లో రెండు బృందాలు విడివిడిగా తేల్చాయి. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో హొరాసియో డి లా ఇగ్లేసియా ల్యాబ్‌లో స్మార్ పరిశోధన ఈ ముద్ద మీదే సాగింది. ఎలుకలను 24 గంటల రోజులో కాకుండా, వెలుతురు, చీకటి చక్రం 22 గంటలకే పూర్తయ్యే రోజులో ఉంచితే ఈ గడియారంలోని రెండు భాగాలు వేర్వేరు వేళలకు నడవడం మొదలుపెడతాయి. అండం విడుదలకు ముందు ఎగసే ఎల్‌హెచ్ హార్మోన్‌కు వేళ పెట్టేది అందులో ఏ భాగమో ఆయన బృందం 2012లో చూపించింది. ఒకే ఒంట్లో రెండు గడియారాలు విడిపోగలవని కళ్లారా చూసినవాడు, మనిషి ఆరోగ్యాన్ని ఉదయం ఒక అంకె, సాయంత్రం ఒక అంకెతో కొలవడానికి ఒప్పుకోలేడు.

ఆ తర్వాత కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ క్యాంపస్‌లో లాన్స్ క్రీగ్స్‌ఫెల్డ్ అనే శాస్త్రవేత్త దగ్గర స్మార్ చేసిన పని నాకు మరీ నచ్చింది. ఆడ ఎలుకల్లో హార్మోన్ల చక్రం వల్ల ఫలితాలు అటూ ఇటూ అవుతాయన్న నమ్మకంతో ఏళ్ల తరబడి ప్రయోగాలకు మగ ఎలుకలనే వాడుతూ వచ్చారు. ఆ బృందం ఎలుకల ఒంటి వేడిని, కదలికలను రోజుల తరబడి ఆపకుండా కొలిచింది. ఆడవాటి హెచ్చుతగ్గులు మగవాటికంటే ఎక్కువేమీ కావని 2017లో తేల్చింది. మగ ఎలుకలు ఒక రోజులోపలే బోలెడంత మారిపోతుంటాయి, అప్పుడొకసారి ఇప్పుడొకసారి కొలిచేవాళ్లకు అది కనిపించలేదంతే. ఆ నమ్మకం వల్ల మందుల పరిశోధనలో ఆడ శరీరానికి ఎంత అన్యాయం జరిగిందో తలచుకుంటే బాధేస్తుంది.

ఇక ఉంగరం సంగతి. నిద్రపట్టే ముందు శరీరం లోపలి వేడిని బయటికి పంపడానికి చేతుల్లో, పాదాల్లో రక్తనాళాలు విప్పారతాయి. అందుకే రాత్రి లోపలి వేడి తగ్గుతుంటే వేళ్లు మాత్రం వెచ్చబడతాయి. ఉంగరం చూసేది ఈ తలకిందుల లయను. దాన్ని రాత్రంతా, ప్రతి రాత్రీ రాసిపెడితే ఎవరి లయ వాళ్లకు ఒక గీతలా కనిపిస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని యాష్లీ మేసన్ అనే పరిశోధకురాలితో కలిసి స్మార్ చేసిన, ఔరా అనే కంపెనీ ఉంగరాలు పెట్టుకున్న వాళ్లతో మొదలైన టెంప్రెడిక్ట్ అధ్యయనం ఆధారపడింది దీని మీదే. కొవిడ్ వచ్చిన 50 మంది డేటాను ముందు చూస్తే, 38 మందిలో లక్షణాలు చెప్పని రోజుల్లో, కొందరు అసలు గమనించని రోజుల్లో కూడా జ్వరం ఆనవాళ్లు దొరికాయి. తర్వాత 63,153 మందితో పెద్ద విశ్లేషణ 2022లో వచ్చింది. వేడి, గుండె వేగం, శ్వాస అన్నీ కలిపి చూసిన అల్గారిథమ్, జనం టెస్టుకు వెళ్లడానికి సగటున 2.75 రోజుల ముందే వ్యాధిని పసిగట్టింది.

వార్తల్లో ఈ రెండు ముప్పావు రోజుల మాటే మోగిపోయింది. దాని పక్కనున్న అంకెలు కూడా చూడాలి. వ్యాధి ఉన్నప్పుడు 82 శాతం సార్లు పట్టుకుంది. లేనప్పుడు లేదని సరిగ్గా చెప్పింది 63 శాతమే. మిగతా 37 శాతం ఊరికే టెన్షన్ పెట్టినట్టే. పైగా అల్గారిథమ్‌కు నేర్పడానికి పనికొచ్చిన డేటా, పీసీఆర్ టెస్టులో తేలిన 73 మందిది. ఈ లెక్కలన్నీ దాచకుండా పేపర్లోనే రాశారు, అందుకు ఆ బృందాన్ని మెచ్చుకోవాలి. ఇదే వస్తువు దుకాణానికి చేరేసరికి '82' మిగిలి '63' మాయమవుతుంది. నా అభ్యంతరం అక్కడే.

నా చేతికీ ఒక స్మార్ట్ వాచీ ఉంది. పొద్దున లేవగానే నిద్రకు మార్కులు వేస్తుంది. నిన్న 74, మొన్న 81. దేనితో పోల్చి వేసిందో చెప్పదు. ఏడు గంటలు పడుకున్నా, రాత్రి పదికి పడుకోవడం వేరు, తెల్లవారుజామున మూడింటికి పడుకోవడం వేరు. గడియారం తెలిసినవాడు ముందు అడిగేది అదే. వాచీలు తయారుచేసేవాళ్లలో చాలామంది సెన్సర్ దగ్గర మొదలుపెట్టి ప్రశ్న కోసం వెతుక్కుంటున్నారు. స్మార్ ప్రశ్న దగ్గర మొదలుపెట్టాడు, పరికరం తర్వాత వచ్చింది.

దీనికి నా దగ్గరున్న పెద్ద సాక్ష్యంలో అసలు పరికరమే లేదు. 2018లో స్మార్, ఆరన్ షిర్మర్ అనే పరిశోధకుడు కలిసి షికాగోలోని నార్త్ ఈస్టర్న్ ఇల్లినాయ్ యూనివర్సిటీలో సుమారు 15 వేల మంది విద్యార్థుల లాగిన్లు చూశారు. కాలేజీ వెబ్‌సైట్‌లోకి ఎవరు ఎన్ని గంటలకు వెళ్లారన్నదే డేటా, మొత్తం 34 లక్షల లాగిన్లు. క్లాసు లేని రోజుల్లో ఎప్పుడు చురుగ్గా ఉంటున్నారో చూసి వాళ్ల సొంత వేళ అంచనా వేశారు, క్లాసు రోజులతో పోల్చారు. సుమారు సగం మంది తమ శరీరం పూర్తిగా మేలుకోకముందే క్లాసులో కూర్చుంటున్నారు. ఈ తేడా ఎక్కువైన కొద్దీ మార్కులు తగ్గాయి. రాత్రి మేలుకునే పిల్లలకు దెబ్బ ఎక్కువగా తగిలింది. ఎవరి చేతికీ వాచీ తొడగలేదు, సర్వర్‌లో పడి ఉన్నదాన్నే సరైన మనిషి చదివాడు.

మనకు ఈ పని అవసరం చాలా ఉంది. హైదరాబాద్ మాదాపూర్, గచ్చిబౌలిలలో అమెరికా పగటికి తగ్గట్టు రాత్రి మేలుకునే ఉద్యోగులు, వాళ్లను దింపే క్యాబ్ డ్రైవర్లు, ఆస్పత్రుల్లో నైట్ డ్యూటీ నర్సులు ఉన్నారు. శరీర గడియారాన్ని తారుమారు చేసే రాత్రి షిఫ్టు పని బహుశా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే చెప్పింది, 2019లో మళ్లీ అదే మాట నిలబెట్టింది. మనవాళ్లలో ఎందరో వాచీలు పెట్టుకుంటున్నారు. ఆ డేటా కంపెనీలకు వెళ్తోంది కానీ, మన డాక్టర్ల చేతికి రావడం లేదు. మన చర్మం సంగతీ ఉంది. వేలికి తగిలించే ఆక్సీమీటర్ నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ తగ్గడాన్ని తెల్లజాతి రోగుల్లో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా గుర్తించలేకపోయిందని 2020లో మిషిగన్ పరిశోధకులు చూపించారు. రెండో వేవ్‌లో ఆ పరికరాన్నే నమ్ముకుని ఎందరో ఇళ్లలో కూర్చున్నారు. చర్మం గుండా వెలుతురు పంపి కొలిచే ప్రతి పరికరాన్నీ మన ఒంటి రంగుల మీద మనమే సరిచూసుకోవాలి.

మనవాళ్ల శరీర గడియారాన్ని చదవడానికి కోట్లు పోసి ఉంగరాలు కొనే దాకా ఆగక్కర్లేదు. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లలను తెల్లవారుజామునే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెడతారు. ఆ పిల్లల్లో చాలామంది ప్రాక్టీస్ టెస్టులు ఆన్‌లైన్‌లో రాస్తారు. సెలవుల్లో ఇంటి దగ్గర ఎప్పుడు లాగిన్ అవుతున్నారు, కాలేజీలో ఎప్పుడు అవుతున్నారు, ఏ వేళకు రాసిన టెస్టులో ఎన్ని మార్కులు వచ్చాయి అన్నవి ఇప్పటికే సర్వర్లలో ఉన్నాయి. పేర్లు తీసేసి, తల్లిదండ్రుల అనుమతితో వాటిని ఒక జీవగడియార శాస్త్రవేత్తకు ఇస్తే, ఆ తెల్లవారుజాము చదువు ఎందరు పిల్లలకు ఒంటపడుతోందో లెక్క తేలుతుంది.