అయివోరి చిత్రిక మిషను

మిగతా రాష్ట్రానికి వానలు వెనకబట్టాక మా నెల్లూరు జిల్లాకి మొదలవుతాయి. కార్తీకంలో వాయుగుండం పేరు వినపడిందంటే కావలిలో పాత వేపచెక్క తలుపులన్నీ తేమ తాగి ఉబ్బుతాయి. చెక్క పొడుగు పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. అందుకని తలుపు ద్వారబంధం పక్కన పట్టేస్తుంది. మా అక్కావాళ్ళ వాకిలి తలుపు తియ్యాలంటే లోపలివాళ్ళు లాగాలి, బయటివాళ్ళు తన్నాలి. పాలబ్బాయి తన్నడంలో బాగా ఆరితేరాడు.

ఆచారి వచ్చి చూసి, "సంక్రాంతి దాకా గమ్మునుండండి అయివోరా, ఎండ తగిల్తే అదే సర్దుకుంటది" అన్నాడు. ఆయనది ఉదయగిరి పక్క, చెక్క చెంచాలకి పేరుబడ్డ చోటు. చెక్క సంగతి ఆ పక్కోళ్ళు చెప్తే వినాలి. మా బావ వింటాడా? జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "త్రికోణమితి చెప్పినోడికి తలుపొక లెక్కా!" అని నెల్లూరు పోయి, చిత్రిక పట్టే కరెంటు మిషను కొనుక్కొచ్చాడు.

దాంతోపాటు వచ్చిన పుస్తకంలో లోకంలోని భాషలన్నీ ఉన్నాయి, తెలుగు తప్ప. చదవకపోవడానికి బావకి ఆ సాకు చాలింది. మిషను అడుగున వెనకవైపు చిన్న ప్లాస్టిక్ కాలుంటే, ప్యాకింగు ముక్క అనుకుని విరిచి పారేశాడు. గాలి రంధ్రాల్లో పండక్కి తలంటినట్టు కొబ్బరినూనె పోశాడు. కళ్ళకి నల్లద్దాలు, చేతులకి అక్క గిన్నెలు తోముకునే రబ్బరు గ్లౌజులు. లుంగీ మాత్రం పాదాల దాకా వేలాడుతోంది. తిరిగే బ్లేడు దగ్గర గ్లౌజులు వేసుకోకూడదు, లుంగీ ఎగ్గట్టుకోవాలి. రెండూ సరిగ్గా తిరగేశాడు.

తలుపు ఊడదీసి వరండాలో పక్కవాటుగా నిలబెట్టాం. పట్టుకోవడానికి నేను, చూడ్డానికి వీధి పిలకాయలు. మీట మాటిమాటికీ నొక్కి పట్టుకోవడం కష్టమని, పక్కనున్న బొత్తాం నొక్కి దాన్ని అట్టాగే బిగించేశాడు. మిషను గుర్రుమంది, పొట్టు లేచింది. అంతలో కరెంటు పోయింది.

కరెంటు పోతే మనవాళ్ళు ముందు చేసే పని స్విచ్చి ఆపడం కాదు. వీధిలోకి పోయి, మనకొక్కళ్ళకేనా, అందరికీనా అని చూడ్డం. అందరికీ పోయిందంటే అదొక నిశ్చింత. బావ మిషన్ని నులక మంచం మీద పెట్టి గేటు దాకా పోయి, "అందరికీ పోయిందబ్బయా!" అని హాయిగా కేకేశాడు. ఎదురింటాయనతో వాయుగుండం ఎక్కడ తీరం దాటుద్దో మాట్లాడుతుండగా కరెంటు వచ్చింది.

ఆ మిషనులో 82 మిల్లీమీటర్ల వెడల్పు రోలరుంటుంది. దానికి రెండు బ్లేడ్లు, నిమిషానికి దాదాపు 16 వేల చుట్లు. బావ విరిచేసిన కాలుంటే కింద పెట్టినప్పుడు మిషను వెనకభాగం కాస్త లేచి, బ్లేడ్లు దేనికీ తగలకుండా ఉండేవి. ఇప్పుడు నేరుగా నులకని పట్టుకున్నాయి. అడుగున బ్లేడు తిరిగేది ముందుకు కాబట్టి, పట్టుకునే చెయ్యి లేకపోతే మిషను పరిగెత్తేది వెనక్కి. వెనకేముంది? దాని తీగే. నాలుగు వరసల నులక నమిలి, సొంత తీగ మీదికెక్కి, ఢామ్మంది. పిలకాయలు చప్పట్లు కొట్టారు.

మళ్ళీ కరెంటు పోయింది. బావ వీధిలోకి పోయి చూసొచ్చాడు. ఈసారి మనకొక్కళ్ళకే.

ఆచారిని పిలిపిస్తే వస్తూనే ప్లగ్గు పీకాడు.

"కరెంటు లేదు గదా ఆచారీ?" అన్నాడు బావ.

"ఇందాక మీరూ అట్టాగే గదా అనుకుంది" అన్నాడాయన. అని మిషను మూత విప్పాడు. మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల చుట్టూ నూనె, పొట్టు కలిసి ముద్దకట్టి ఉన్నాయి. "ఇది గాలి పీల్చే చోటు అయివోరా, నూనె పొయ్యకూడదు. పనైనాక పొట్టు దులిపితే చాలు" అన్నాడు. తర్వాత తలుపు అంచు మీద వేలితో తడుముతా పోయి ఒకచోట ఆగాడు. రంగు కింద పాత మేకు. బ్లేడు ఇంకో జానెడు ముందుకి పోయుంటే దాన్నే కొట్టేది. బావ చటుక్కున కూర్చున్నాడు, ఆ తెగిన మంచం మీదే. నులక ఇంకో రెండు వరసలు దిగింది.

కొత్త తీగ వేయించుకుని, పంతం కొద్దీ తలుపు చిత్రిక పట్టాడు. బాగానే పట్టాడు, ఆ వానాకాలమంతా చిటికెన వేలితో తోసినా తలుపు తెరుచుకుంది. రోహిణి కార్తె వచ్చేసరికి చెక్క ఎండి చిక్కిపోయింది. తలుపేసుకుని కూర్చున్నా ఎదురింటి టీవీలో సీరియల్ కనపడతా ఉందంట.

ఆ సందుకి పట్టీ కొట్టాలని బావ ఇప్పుడు రంపం మిషన్ల ఖరీదులు కనుక్కుంటున్నాడు. అక్క నాకు ఫోన్ చేసి, మెయిన్ స్విచ్చి పెట్టెకి తాళం వేయిస్తే ఎంతవుద్దో కనుక్కోమంది.