డైట్ ఆపాక మళ్లీ అన్నంలోకి ఎలా రావాలి? కీటో, ప్రకృతి ఆహారం, సిరిధాన్యాలు, 16:8 లాభనష్టాలు

తెలుగు ఇళ్లలో ఎవరైనా డైట్ మొదలుపెట్టారంటే ముందుగా కంచంలోంచి వెళ్లిపోయేది అన్నమే. కీటో (పిండిపదార్థాలు దాదాపు మానేసి కొవ్వు మీద ఆధారపడే పద్ధతి) చేసేవాళ్లు ఆ చోట కొబ్బరినూనె, సూపు పెట్టుకుంటారు. ప్రకృతి ఆహారం వాళ్లు పచ్చి కూరముక్కలు, మొలకలు పెట్టుకుంటారు. సిరిధాన్యాల వాళ్లకు కొర్రలు, అరికెలు. 16:8, అంటే రోజులో ఎనిమిది గంటల్లోపే తిని మిగతా పదహారు గంటలు ఉపవాసం, పాటించేవాళ్లు ఏకంగా ఒక పూటనే ఎత్తేస్తారు. నాలుగింట్లోనూ మొదటి నెలలో బరువు తగ్గుతుంది. అందుకే ఎవరిని అడిగినా తాము చేసిందే గొప్పదంటారు. తేడా తెలిసేది ఆరో నెలలో, అన్నం మళ్లీ కంచంలోకి వచ్చినప్పుడు. ఏ డైట్‌నైనా తూచాల్సింది అక్కడే అని నా అభిప్రాయం.

తక్కువ పిండిపదార్థాలు మేలా, తక్కువ కొవ్వు మేలా అన్న పాత తగాదాకు పరిశోధకులు గట్టి పరీక్షలే పెట్టారు. అమెరికాలో 811 మందిని రెండేళ్లపాటు నాలుగు రకాల ఆహారాల మీద ఉంచి చూసిన అధ్యయనం 2009లో వెలువడింది. పిండి, ప్రొటీన్, కొవ్వుల పాళ్లు మారినా తగ్గిన బరువు దాదాపు ఒకటే. 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లు చేసి ఏడాది గమనించారు. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ ముప్పాతిక కిలో తేడాను లెక్కలోకి తీసుకోలేం. గమనించాల్సింది మరొకటుంది: ఒకే జట్టులో కొందరు పాతిక కిలోలకు పైగా తగ్గితే, ఇంకొందరు పెరిగారు. అంటే డైట్‌కూ డైట్‌కూ మధ్య కంటే, మనిషికీ మనిషికీ మధ్యే తేడా ఎక్కువ.

మన దగ్గర అన్నం తగ్గించగానే ఫలితం కనబడడానికి వేరే కారణం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేయించిన ఇండియాబ్ సర్వే లెక్కల ప్రకారం భారతీయుల క్యాలరీల్లో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయి, ప్రొటీన్ వాటా 12 శాతం దగ్గరే ఆగిపోయింది. ఒక్కదాని మీదే అంత ఆధారపడినప్పుడు దాన్ని తీసేస్తే ఎవరైనా తగ్గుతారు. ఆ ఖాళీలో ఏం వచ్చి కూర్చుందన్నదే ప్రశ్న.

కీటో గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే లాభమూ నష్టమూ రెండూ ఇందులోనే పెద్దవి. ఇది బరువు కోసం పుట్టింది కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మూర్ఛ రోగుల కోసం రూపొందించిన వైద్య ఆహారం. తెలుగు రాష్ట్రాల్లో దీన్ని ఊరూరా తీసుకెళ్లింది వీరమాచనేని రామకృష్ణ. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు అన్న సూత్రం చాలామందికి కంఠతా వచ్చు. లెక్క వేసి చూడండి: గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు, 100 గ్రాములంటే 900. ద్రవాహారం రోజుల్లో దాని మీద సూపులు, మజ్జిగ కలిపినా మొత్తం వెయ్యి, పదకొండొందలు దాటదు. అంతకుముందు రెండు వేలకు పైగా తిన్న మనిషి సగానికి వచ్చేశాడు. బరువు తగ్గింది నూనె తాగడం వల్ల కాదు, మిగతాదంతా ఆగిపోవడం వల్ల. అయితే కీటోకు ఒక నిజమైన బలం ఉంది: రెండు మూడు రోజులు గడిచాక ఆకలి బాగా అణుగుతుంది. సగం తిండితో రోజు గడపగలగడానికి కారణం అదే. షుగర్ అంకెలు వారంలోనే దిగుతాయి, రక్తంలో తిరిగే కొవ్వులు (ట్రైగ్లిజరైడ్లు) కూడా తగ్గుతాయి.

మొదటి వారం తగ్గే రెండు మూడు కిలోల్లో ఎక్కువ భాగం నీళ్లే. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం (గ్లైకోజెన్) సుమారు అర కిలో. ప్రతి గ్రాము తనతో మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. పిండిపదార్థాలు ఆగితే నిల్వ ఖర్చయి ఆ నీళ్లు పోతాయి, వాటితో పాటు సోడియం కూడా పోతుంది. పిక్కలు పట్టేయడం, తలనొప్పి, లేవగానే కళ్లు తిరగడం ఇందువల్లే. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలు లేనివాళ్లయితే నిమ్మకాయ నీళ్లలో రోజు మొత్తానికి అర చెంచా ఉప్పు వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. బీపీ మాత్రలు వాడేవాళ్లకు అదే పాత మోతాదు మరీ ఎక్కువైపోవచ్చు. వాళ్లు మొదటి రెండు వారాలూ రోజూ బీపీ చూసుకోవాలి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం షుగర్ మాత్రలతో. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వాడుతూ కీటోలోకి దిగితే రక్తంలో షుగర్ మామూలుగానే కనిపిస్తూ కీటోఅసిడోసిస్ (కీటోన్లు పేరుకుపోయి రక్తం ఆమ్లంగా మారడం) రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వచ్చినా గ్లూకోమీటర్‌లో 180 చూసి ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. అది ప్రాణాల మీదికి తెస్తుంది. గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లకు ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది: షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. మోతాదు మార్చాల్సింది డాక్టరే, డైట్ మొదలయ్యే రోజుకు ముందే. సొంతంగా మాత్రలన్నీ ఆపేసుకుని డైట్‌తో సరిపెట్టుకోవడం కూడా అంతే తప్పు.

కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం శాచురేటెడ్ కొవ్వే. నెలల తరబడి తాగితే కొందరిలో ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ బాగా పైకి లేస్తుంది. ఎవరిలో లేస్తుందో ముందే చెప్పలేం కాబట్టి మొదలుపెట్టే ముందొకసారి, ఎనిమిది వారాలకు ఇంకోసారి లిపిడ్ పరీక్ష చేయించుకోవడం ఒక్కటే దారి. వారానికి కిలోన్నరకు మించి బరువు పడిపోతుంటే పిత్తాశయంలో రాళ్లకు అవకాశం పెరుగుతుంది. ఇది కీటోకే కాదు, ఏ కఠిన డైట్‌కైనా వర్తిస్తుంది. ఇక ద్రవాహారం దశలో ప్రొటీన్ రోజుకు 20 గ్రాములు కూడా అందకపోవడం చాలామంది పట్టించుకోని లోపం. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కండ తగ్గితే కూర్చున్నచోట ఖర్చయ్యే క్యాలరీలూ తగ్గుతాయి.

అసలు దెబ్బ కీటో ఆపాక తగులుతుంది. అన్నం తిరిగి వస్తుంది, నెయ్యి మాత్రం పోదు. నాలుగు నెలలు "కొవ్వు మంచిదే" అని అలవాటైన చెయ్యి, ఇప్పుడు అన్నం మీద కూడా అదే గరిటెతో పోస్తుంది. పిండిపదార్థాలు ఎక్కువ, కొవ్వూ ఎక్కువ అన్న కలయిక డైట్‌కు ముందు కూడా ఆ ఇంట్లో ఉండి ఉండదు. పైగా మొదటి నాలుగు రోజుల్లో నీళ్లు తిరిగొచ్చి కాటా రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. "ఒక్క వారం అన్నం తింటే ఇంత పెరిగానా" అని బెంబేలెత్తి కొందరు మళ్లీ ద్రవాహారంలోకి పరిగెడతారు, కొందరు పూర్తిగా వదిలేస్తారు.

ఉప్పు, నూనె, చక్కెర లేని ప్రకృతి ఆహారాన్ని మంతెన సత్యనారాయణరాజు ఇంటింటికీ చేర్చారు. దీని బలం కడుపు నింపే తీరులో ఉంది. అర కిలో కూరగాయలకు 150 క్యాలరీలు కూడా రావు, పీచు మాత్రం పుష్కలం. ఉప్పు తగ్గితే బీపీ తగ్గుతుందన్నది తిరుగులేని విషయం. ప్రాణాపాయం దృష్ట్యా చూస్తే కీటో కంటే ఇదే నయం. తడబడేది నాలుగు చోట్ల. మొలకలు ఎంత తిన్నా ప్రొటీన్ చాలదు: గుప్పెడు నానిన పెసల మొలకల్లో నాలుగైదు గ్రాములే ఉంటుంది. పాలు, పెరుగు కూడా మానేసినవాళ్లకు బి12 అందదు, రెండేళ్లకో మూడేళ్లకో తిమ్మిర్ల రూపంలో బయటపడుతుంది. మనకు అయోడిన్ అందేదే ఉప్పు ద్వారా. దాన్ని పూర్తిగా మానడం కంటే రోజుకు మూడు నాలుగు గ్రాముల అయోడైజ్డ్ ఉప్పుకు దిగడం మంచిది. కిడ్నీ జబ్బున్నవాళ్లు కూరగాయల రసాలు, పండ్ల జోలికి అడ్డూఅదుపూ లేకుండా వెళ్తే పొటాషియం పెరిగి గుండె లయకే ముప్పు. మరో చిన్న సంగతి: చక్కెర మానేసి తేనె, ఖర్జూరాలు, పచ్చికొబ్బరి ఎడాపెడా తినేవాళ్లకు బరువు ఎందుకు తగ్గట్లేదో అర్థం కాదు. పెద్ద చెంచా తేనెలో 60 క్యాలరీలుంటాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు, ఈ వంట ఇంట్లో మిగతావాళ్లు తినరు. రెండు పొయ్యిల వంట ఎంతకాలమో సాగదు, ఆ భారం పడేది ఎక్కువగా ఆడవాళ్ల మీదే. డైట్ లాభనష్టాల పట్టికల్లో ఈ వరుస కనబడదు గానీ, ఆరో నెలలో డైట్ నిలిచిందా లేదా తేల్చేది చాలా ఇళ్లలో ఇదే.

కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు. ఖాదర్ వలీ ప్రచారంతో ఈ అయిదూ సిరిధాన్యాలుగా కిరాణా కొట్ల దాకా వచ్చాయి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం ఆ ఊపును పెంచింది. మెట్ట పొలాల రైతుకు ఇది మేలే. బరువు విషయంలో మాత్రం ఒక అపోహ తీరాలి: వంద గ్రాముల కొర్రబియ్యంలో సుమారు 330 క్యాలరీలుంటే, మామూలు బియ్యంలో 350. తేడా చెంచాడు అన్నమంత. లాభం పీచులో, నమలాల్సి రావడంలో, షుగర్ నెమ్మదిగా పెరగడంలో ఉంది. ఆ పీచు కూడా పైపొర పోకుండా ఆడించిన గింజలోనే. తెల్లగా మెరిసే పాలిష్ కొర్రలు కొంటే చాలా మటుకు పోయినట్టే. పిండి ఆడించి జావ కాచినా, రవ్వ చేసి ఇడ్లీ వేసినా నెమ్మదిగా అరిగే గుణం తగ్గిపోతుంది. ఆరేడు గంటలు నానబెట్టి గింజగానే వండుకుని, బియ్యం కొలిచినట్టే కొలిచి తింటే ఉపయోగం. "కొర్రలే కదా" అని రెండోసారి వడ్డించుకుంటే లేదు. అన్నంలోకి తిరిగి రావడం మాత్రం ఈ పద్ధతిలోనే అతి సులువు, ఎందుకంటే కూర, పప్పు, పెరుగు ఏదీ మారలేదు.

16:8కి వేరే వంట అక్కర్లేదు, అదే దీని పెద్ద సుగుణం. చైనాలోని గ్వాంగ్జౌలో 139 మంది మీద ఏడాది చేసిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. క్యాలరీలు తగ్గించి, తినే వేళను కూడా ఎనిమిది గంటలకు కుదించినవాళ్లు 8 కిలోలు, క్యాలరీలు మాత్రమే తగ్గించినవాళ్లు 6.3 కిలోలు తగ్గారు. గణాంకాల లెక్కలో ఇది తేడా కాదు. గడియారం దానంతట అది కొవ్వు కరిగించదు. రాత్రి తొమ్మిది తర్వాత టీవీ ముందు తినే మిక్చర్‌ను ఆపుతుంది, అదే పని. మన దగ్గర చెడేది ఎక్కడంటే, పొద్దున టిఫిన్ మానేసి రెండు టీలు తాగుతారు. పాలు, రెండు చెంచాల చక్కెరతో ఒక్కో టీకి వంద క్యాలరీల దాకా అవుతుంది, ఉపవాసమూ ఉండదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆకలి మీద రెట్టింపు అన్నం. వీలుంటే ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టి సాయంత్రం అయిదు, ఆరుకు ముగించడం మేలు. రాత్రి పది గంటల భోజనాన్ని కదపకుండా టిఫిన్ మాత్రం కోసేయడం ఇందులో అన్నిటికంటే బలహీనమైన రూపం.

జనరల్ మోటార్స్ పేరు మీద తిరిగే ఏడు రోజుల డైట్ గురించి పెద్దగా రాయాల్సిందేమీ లేదు. ఒకరోజు పండ్లు, ఒకరోజు కూరగాయలు, మరో రోజు అరటిపండ్లు, పాలు. పోయేది నీళ్లు, కొంత కండ. ఎనిమిదో రోజుకు పథకమే లేదు.

ఇక కంచం సంగతి. 75 కిలోల మనిషికి రోజుకు 1500–1550 క్యాలరీలు, 75 గ్రాముల ప్రొటీన్ అనుకుంటే మామూలు వంటతోనే కుదురుతుంది. పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, రెండు చిన్న చెంచాల నూనె, అల్లం పచ్చడి. మధ్యాహ్నం 75 గ్రాముల బియ్యం, అంటే కుక్కర్‌తో వచ్చే గ్లాసులో సగం. 40 గ్రాముల కందిపప్పుతో గట్టిపప్పు, 200 గ్రాముల కూర, చిన్న గిన్నె పెరుగు. సాయంత్రం చక్కెర లేని టీ, గుప్పెడు వేయించిన శనగలు. రాత్రి రెండు పుల్కాలు, మళ్లీ 200 గ్రాముల కూర, 120 గ్రాముల చికెన్. మాంసం తినకపోతే 40 గ్రాముల ఎండు మీల్ మేకర్ దాదాపు అంతే ప్రొటీన్ ఇస్తుంది. పప్పు నీళ్లలా ఉంటే ఈ లెక్క మొత్తం కూలిపోతుంది. చారు, పల్చని పప్పుచారుతో కలిపిన అన్నంలో ప్రొటీన్ వెతుక్కోవాల్సిందే.

ఈ కంచంలో నూనె రోజుకు 25 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే 20–30 గ్రాముల మధ్యే ఉంది. రోజూ చెంచాలు లెక్కపెట్టలేకపోతే నెలాఖరున ప్యాకెట్లు లెక్కపెట్టండి: నలుగురున్న ఇంటికి లీటరు ప్యాకెట్లు మూడుంపావు సరిపోవాలి. అయిదు ఖాళీ అవుతుంటే అన్నం ఎంత తగ్గించినా ఫలితం ఉండదు.

ఇప్పటికే కీటోలోనో ద్రవాహారంలోనో ఉండి బయటికి రావాలనుకుంటే, ఒక పూట 30 గ్రాముల బియ్యంతో మొదలుపెట్టండి. అది వంద క్యాలరీలు. అదే రోజు రెండు చిన్న చెంచాల నూనె, అంటే 90 క్యాలరీలు, తీసేయాలి. వారానికి ఇంకో 30 గ్రాములు, ఇంకో రెండు చెంచాలు. ఇలా నూనె 25–30 గ్రాములకు దిగేదాకా వెళ్లాలి: రోజుకు 70 గ్రాముల దగ్గర ఉన్నవాళ్లకు నాలుగు వారాలు, 100 దగ్గర ఉన్నవాళ్లకు ఏడు వారాలు పడుతుంది. బియ్యం పెంచే ముందు పప్పు, గుడ్డు, పెరుగు పెరగాలి. వారంలో మూడు రోజులైనా కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, 12 చొప్పున మూడు విడతలు, చేస్తే కండ నిలుస్తుంది. నడక మంచిదే కానీ దానికి ప్రత్యామ్నాయం కాదు.

బరువు రోజూ ఉదయం ఒకే వేళకు చూసి వారం సగటు రాసుకోవాలి. నెలకోసారి నడుము కొలవాలి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే హెచ్చరిక. మొదటి వారంలో పెరిగే కిలోన్నర, రెండు కిలోలు నీళ్లే, నడుము కొలతలో మార్పు రాదు. మూడో వారంలో కూడా సగటు పెరుగుతూ, నడుము ఒక సెంటీమీటరు పెరిగితే బియ్యాన్ని మళ్లీ మానేయనక్కర్లేదు. ముందు నూనె ప్యాకెట్ మీద ఎప్పుడు తెరిచారో తేదీ రాసి, అది ఎన్నాళ్లొచ్చిందో చూడండి.