మొదటి సీజన్ ఏదో తేల్చని గైడు గారికి

మహారాజశ్రీ ఆన్‌లైన్ గైడు గారికి,

అమలాపురం నుంచి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని తెరమీద గిర్రున తిరుగుతున్న చక్రమే చెబుతోంది.

హైదరాబాదు నుంచి వచ్చిన మేనల్లుడు "మావయ్యా, డాక్టర్ హూ చూడు" అన్నాడు. బ్రిటన్ వాళ్ల టీవీ సీరియలట. ఎక్కడ మొదలుపెట్టాల్రా అంటే తమరి లింకు పంపి బస్సెక్కేశాడు. కొత్తవాళ్లని చెయ్యి పట్టుకుని నడిపిస్తామని పైనే రాసుకున్నారు. నిజమే. పట్టుకున్న చెయ్యి మూడు రోజులైనా వదల్లేదు.

"మొదటి సీజన్ నుంచి చూస్తారా?" ఇది తమరి తొలి ప్రశ్న. ఔనని నొక్కాను. "ఏ మొదటి సీజన్?" అన్నారు. మూడున్నాయట! బీబీసీలో 1963 నవంబర్ 23న మొదలైంది ఒకటి. 1989లో బండి ఆగిపోయాక 2005లో మళ్లీ కదిలించి, ఒకటో నంబరు వేశారు. 2024లో ఇంకో ఒకటి. మా పెదనాన్న కూడా అంతే, బాకీలు పెరిగినప్పుడల్లా కొత్త పద్దుల పుస్తకం తెరిచేవాడు.

సరేనని 1963 నొక్కాను. "కొన్ని ఎపిసోడ్లు ఉండవు, ఫర్వాలేదా?" అన్నారు. అప్పటి టేపుల్ని బీబీసీ వాళ్లే చెరిపేసుకున్నారట. మొత్తం మీద తొంభైకి పైగా ఎపిసోడ్లు ఇవాళ్టికీ దొరకలేదు. అభిమానులు ఇంట్లో టీవీ దగ్గర కూచుని రికార్డు చేసుకున్న మాటలే మిగిలాయి.

తర్వాత "మీకు ఏ డాక్టర్ నచ్చుతాడు?" అని. డాక్టరంటే ఇందులో కథానాయకుడి పేరట, వేసే నటులే మారుతుంటారట. సంబంధం చూడకుండానే ముహూర్తం అడిగినట్టుంది. పైగా పదో డాక్టరూ పద్నాలుగో డాక్టరూ ఒకే నటుడు. 2013లో వచ్చిన ఒకాయనకైతే అసలు నంబరే లేదు. ఆ వెంటనే "చవకబారు సెట్టింగుల్ని పదికి ఎంతవరకు భరించగలరు?" అన్నారు. వీధి నాటకాల్లో దుప్పటిని సముద్రం అనుకున్నవాణ్ణి నేను! పన్నెండు వేద్దామంటే మీ గీత పది దగ్గరే ఆగిపోయింది.

ధవళేశ్వరం దాటాక గోదావరి కూడా పాయలు పాయలుగా చీలుతుంది. కానీ వశిష్ఠ అంతర్వేది దగ్గర బుద్ధిగా సముద్రంలో కలుస్తుంది. తమరి పాయలన్నీ తిరిగి మొదటి ప్రశ్నకే వచ్చి చేరాయి.

మూడో రోజు సాయంత్రం ఆ చిరాకులో వేలు జారి 2005 సీజన్ ఆరో ఎపిసోడ్ మొదలైపోయింది. మా అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కన కూచుంది. పూర్వం హరికథకి ఆలస్యంగా వచ్చినవాళ్లు పక్కవాణ్ణి అడిగినట్టే "ఎక్కడిదాకా వచ్చింది?" అంది. చెప్పాను: వీడు ఆ నీలం పెట్టెలో కాలాలు దాటి తిరుగుతాడు, చావు దగ్గరికొస్తే కొత్త మొహం వస్తుంది. 1966లో మొదటి నటుడి ఆరోగ్యం బాగోలేక కనిపెట్టిన ఉపాయం అది. మన సీరియళ్లలో నటి మారితే "ఇకపై ఈ పాత్రలో" అని కింద వేస్తారే, దాన్నే వాళ్లు కథ చేసుకున్నారు. "అంతేనా, ఉండనీ" అంది అమ్మ.

తెరమీద నేలమాళిగలో గొలుసులేసి కట్టిన డాలెక్, అంటే డాక్టరుకి పాత శత్రువు. వడ్ల పురికి చక్రాలు బిగించినట్టుంది. దాని వాళ్లంతా పోయారు, ఇదొక్కటే మిగిలింది. చివర్లో రేకు తెరుచుకుని ఎండలోకి వస్తే డాక్టరు తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు, వాడితో వచ్చిన పిల్ల రోజ్ అడ్డం వచ్చింది. అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "ఇదేం డాక్టర్రా? రోగం వీడికే ఉన్నట్టుంది" అంది.

మీ ప్రశ్నలన్నిటికీ అమ్మ తరఫున నేనే జవాబులు నింపాను. వయసు డెబ్భై నాలుగు, ఇంగ్లీషు రాదు, సైన్స్ ఫిక్షన్ చూడలేదు. "ఈ సిరీస్ మీకు సరిపడకపోవచ్చు" అని తేల్చారు. ఆ మాట ఆవిడకింకా చెప్పలేదు. లోపల ఎనిమిదో ఎపిసోడ్ నడుస్తోంది, రోజ్ వాళ్ల నాన్న కారు కింద పడబోతున్నాడట, ఆపి రమ్మని పిలుస్తోంది.

ఇట్లు,
నాలుగో ప్రశ్న దగ్గర ఇరుక్కున్న కొత్తవాడు